వాగు ఎండినప్పుడే చూడాలి

వెలిగొండల కింద ఏ ఊళ్ళోనైనా మే నెలలో నిలబడి మీ వాగు ఎలాంటిది అని అడగండి, "వాగేముంది, నీళ్ళే లేవు కదా" అంటారు. చప్టా కట్టడానికి వచ్చిన కాంట్రాక్టరు కూడా దాదాపు అలాగే అనుకుని నాలుగు పైపులు చాల్లే అని లెక్కేసుకుంటాడు. నా గొడవంతా ఇక్కడే. నీళ్ళున్నప్పుడు వాగులో నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. అడుగు కనిపించదు, ఒడ్డు కింద ఎంత లోతుకు తొలిచేసిందో కనిపించదు, పైనుంచి ఎంత సైజు బండలు దొర్లుకొచ్చాయో తెలియదు. అవన్నీ చూడాలంటే వాగు ఎండిపోయి ఉండాలి, మన దగ్గర అది ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయే ఉంటుంది, అయినా ఎవరూ దిగి చూడరు.

నెల్లూరు వైపు వానల్లో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. అంటే ఏడాదంతా మెల్లగా పారే నది చేసే పనిని మన కొండవాగు ఒకటి రెండు రాత్రుల్లో చేసేస్తుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు రెండింతలు కాదు, సుమారు 64 రెట్లు అవుతుంది. పందొమ్మిదో శతాబ్దం నుంచీ తెలిసిన సంగతే ఇది, కచ్చితమైన సూత్రం అనలేం గానీ పరిమాణం మాత్రం అదే. మామూలు వానకు పిడికెడు రాయి కూడా కదలని వాగులో తుపాను రాత్రి మనిషి ఎత్తు గుండు ఎలా దిగివచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్ళకు జవాబు ఇందులోనే ఉంది.

మరి ఎండిన వాగులో దిగి ఏం చూడాలి? అమెరికా అటవీ శాఖలో డేల్ ఫాన్‌కుచ్ అనే ఆయన కొండవాగుల కోసమే 1975లో ఒక మార్కుల పద్ధతి తయారుచేశాడు. మొత్తం 15 అంశాలు. పై గట్లు, కింది గట్లు, అడుగు అని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి మార్కులు వేస్తారు, అయితే ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే వాగు బాగాలేదని అర్థం. 38 వస్తే దిట్టంగా ఉన్నట్టు, 115 దాటితే ఆ వాగు పక్కన ఏదీ కట్టకపోవడం మంచిది. అన్నిటికంటే ఎక్కువ మార్కులు అడుగు కోసుకుపోవడానికీ, మేట వేయడానికీ ఉంటాయి. ఈ పద్ధతిని మన వాగులకు ఉన్నదున్నట్టు వాడకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో రాళ్ళకు పట్టిన పాచి, నాచు కూడా ఒక అంశం, పది నెలలు ఎండే వాగులో నాచు ఎక్కడుంటుంది? ఆ ఒక్కటీ పక్కన పెడితే మిగతావి మనకూ బాగానే పనికొస్తాయి.

వాటిలో నాకు బాగా నచ్చినది రాళ్ళ రంగు చూడటం. చాలాకాలంగా కదలకుండా పడున్న రాయి మీద ఎండకూ తడికీ మాసిపోయిన నల్లటి, గోధుమరంగు పూత ఉంటుంది. మొన్నటి వరదలో దొర్లిన రాయి ఒరుసుకుపోయి తెల్లగా, కొత్తగా మెరుస్తుంది. అడుగులో 65 శాతానికి మించి ఇలా మెరిసే రాళ్ళే ఉంటే వాగు అడుగంతా కదులుతోందన్నమాట. మన కొండల్లో క్వార్ట్జైట్ అనే గట్టి రాయి ఎక్కువ, అది పుట్టుకతోనే లేత రంగు రాయి కాబట్టి దూరం నుంచి చూసి మెరుస్తోందని తేల్చేయకుండా ఒక రాయి తిప్పి చూడండి. పైవైపు, కిందివైపు ఒకే రంగులో ఉంటే అది ఈమధ్యే వచ్చి పడింది. పైన మాసి, కింద వేరే రంగు ఉంటే అక్కడ కాపురం పెట్టి చాలాకాలమైంది.

తర్వాత అంచులు. పదునుగా ఉన్న రాళ్ళు ఒకదానికొకటి పట్టు ఇస్తాయి, నున్నగా గుండ్రంగా అయిపోయినవి సులువుగా దొర్లుతాయి. అందుకే అంచులున్న రాళ్ళకు తక్కువ మార్కులు, అంటే మంచిదని. ఆపైన కాలితో ఒక్క తన్ను తన్ని చూడాలి (చెప్పులు కాదు, బూట్లు వేసుకుని). రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఇంటి పెంకుల్లా సర్దుకుని, అన్నీ వాగు ఎగువ వైపుకే వాలి, తన్నినా కదలకపోతే ఆ అడుగు గట్టిది. ఈ వాలు ఇంకో పనికీ వస్తుంది. నీళ్ళు లేని చోట, వాగు రెండు మూడు పాయలుగా చీలిన చోట, పోయినసారి వరద ఎటునుంచి ఎటు పోయిందో అదే చెబుతుంది. తన్నగానే పొలోమని జారిపోతే, ఇసుకలో రాళ్ళు విడివిడిగా తేలినట్టుంటే, వచ్చే వరదకు అక్కడ అడుగు ఉంటుందన్న నమ్మకం లేదు.

రాళ్ళ సైజు కొలవడం ఇంకా తేలిక. 1954లో వోల్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇది: వాగుకు అడ్డంగా నడుస్తూ, అడుగుకొకసారి కిందికి చూడకుండా వంగి, కాలి బొటనవేలి దగ్గర చేతికి తగిలిన మొదటి రాయి తీసి దాని మధ్య కొలత (అన్నిటికంటే పొడవైనదీ కాదు, పొట్టిదీ కాదు) రాసుకోవాలి, అలా 100 రాళ్ళు. చూడకుండా ఎందుకంటే, చూస్తే మన చెయ్యి అందమైన రాయి మీదికే పోతుంది. ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు ఉంటే పూటలో అయిపోయే పని, వాగుకు చెక్ డ్యామ్ శాంక్షన్ చేసే ముందు ఈ మాత్రం చేస్తే ఎవరి సొమ్మూ పోదు.

ఒడ్ల విషయానికొస్తే, ఏరుమద్ది, కానుగ, నేరేడు వేళ్ళు మట్టిని పట్టుకుని ఉన్నాయా లేక గాల్లో వేలాడుతున్నాయా చూడండి. వేలాడుతుంటే ఆ మట్టి ఈమధ్యే పోయింది. ఇసుక మేటల మీద లేచిన సర్కారు తుమ్మ ఎంత లావుందో చూస్తే ఆ మేట ఎన్నాళ్ళుగా కదల్లేదో అంచనాకు వస్తుంది, కాకపోతే ఆ కంపే వాగు దారిని ఇరుకు చేస్తుంది, వరదకు పెళ్ళలు పెళ్ళలుగా కొట్టుకొచ్చి చప్టా పైపుల్లో ఇరుక్కుంటుంది. పైపులు మూసుకుంటే నీళ్ళు ఆగవు కదా, పక్కనున్న మెత్తటి మట్టిని కోసుకుని చప్టాను చుట్టి పోతాయి. మర్నాడు వెళ్ళి చూస్తే చప్టా చెక్కుచెదరకుండా ఉంటుంది, దానికి చేరే రోడ్డే ఉండదు.

ఇంతవరకూ వాగు సంగతి. కానీ కొండల్లో వాగు తీరు కొండరాయి మీద ఆధారపడి ఉంటుంది, ఈ రెండూ విడిగా చూసేవాళ్ళే ఎక్కువ. మన వెలిగొండలు, నల్లమల రాళ్ళు కడప బేసిన్‌కు, అంటే ఎప్పుడో ఇసుక, బురద పొరలుగా పేరుకున్న పెద్ద పల్లానికి చెందినవి, నూరు కోట్ల ఏళ్ళు దాటినవి. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు ఒకదాని మీద ఒకటి వస్తుంటాయి. ఒకటి క్వార్ట్జైట్, సుత్తితో కొడితే ఖంగుమని మోగుతుంది, నిప్పురవ్వలు వస్తాయి. రెండోది పలకరాయి, దాని బంధువులైన షేల్, ఫిల్లైట్. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళకు ఆ రాయి గురించి నేను చెప్పక్కర్లేదు, పొరలు పొరలుగా ఎంత చక్కగా విడుతుందో వాళ్ళకు తెలుసు. పలక తయారుచేయడానికి అది గొప్ప గుణం, వాగు ఒడ్డున ఉంటే అదే ప్రమాదం. కింద పలకరాయి, పైన క్వార్ట్జైట్ ఉన్నచోట నీళ్ళు మెత్తటిదాన్ని తొలిచేస్తాయి, పైన గట్టిది చూరులా మిగిలి, ఒకరోజు దాని పగుళ్ళ వెంబడి విరిగి వాగులో పడుతుంది.

పలకరాయి వాగులో ఎక్కువ దూరం బతకదు, దొర్లుతూ దొర్లుతూ పొడై బురదైపోతుంది. కాబట్టి వాగులో ఎక్కడైనా అంచులు పదునుగా ఉన్న పలక ముక్కలు కుప్పగా కనిపిస్తే కొంచెం ఎగువకు నడవండి, దగ్గర్లోనే గట్టు జారిన చోటు ఉంటుంది.

పొరలు ఎటు వాలాయన్నది ఇంకా ముఖ్యం. ఈ కొండలు ఎప్పుడో తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ముడుచుకున్నవి, చాలాచోట్ల పొరలు తూర్పుకు వాలి ఉంటాయి. రెండు వరుసల మధ్య ఉత్తర దక్షిణంగా పారే వాగు ఉందనుకోండి. దాని పడమటి గట్టు మీద పొరలన్నీ వాగులోకే వాలి ఉంటాయి, వానకు తడిస్తే పొర మీద పొర జారడానికి దారి తయారుగా ఉన్నట్టే. తూర్పు గట్టు మీద పొరలు కొండలోపలికి వాలతాయి, అక్కడ జారుడు తక్కువ, విరిగిపడే గుండ్ల భయం ఉంటుంది. రోడ్డు వేయాలన్నా గుడికి మెట్లు కట్టాలన్నా ఏ గట్టు ఎంచుకోవాలో ముందు ఇది చూసి తేల్చుకోవాలి, దగ్గరి దారి ఏదని చూసి కాదు.

రాయి లోపల ఎలా ఉందో తెలియాలంటే బోరు వేసి రాతి కడ్డీ బయటికి తీస్తారు. ఒక మీటరు కడ్డీలో 10 సెంటీమీటర్లకు తగ్గని ముక్కలన్నిటి పొడవు కలిపితే ఎంత శాతం వస్తుందో అదే రాయి నాణ్యత. 90 దాటితే భేషుగ్గా ఉన్నట్టు, 25 లోపు అయితే నుజ్జు. 1960ల్లో డీర్ అనే ఇంజనీరు మొదలుపెట్టిన ఈ లెక్కకు 1973లో బీనియావ్‌స్కీ అనే ఇంకో ఇంజనీరు రాయి బలం, పగుళ్ళ మధ్య దూరం, పగులు లోపలి స్థితి, ఊరే నీళ్ళు కూడా కలిపి 100 మార్కుల పద్ధతి చేశాడు. రాయి ఎంత గట్టిదైనా దానిలో పగుళ్ళు ఎలా ఉన్నాయన్నదే కథంతా నడిపిస్తుంది. కొల్లంవాగు నుంచి దోర్నాల వైపు నల్లమల కింద తవ్విన వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలు ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు, మొదటిది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో తవ్వకం పూర్తయ్యాయి. ఆలస్యానికి ఎన్ని కారణాలైనా ఉండొచ్చు, కానీ కొండలోపల రాయి అడుగడుక్కీ మారుతుంటే ఎంత పెద్ద మిషనైనా ఒకే వేగంతో పోదు.

పాతవాళ్ళకు ఇవి తెలియవనుకోవద్దు. కొండకు అవతల, బద్వేలు వైపు పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో అందులో పన్నెండు అంగాలుగా చెప్పారు: గట్టి నేల, చెరువును తాకే కొండలు, పొడవు తక్కువైనా దిట్టమైన రాతికట్ట, దగ్గర్లో నిడుపాటి రాళ్ళు దొరికే గని, ఇలా. గుండ్లకమ్మ కొండల మధ్య ఇరుకులోంచి దూరే చోట కంభం చెరువు కట్టినవాళ్ళు కూడా అదే బుద్ధితో చోటు వెతికారు, అందుకే అది విజయనగర కాలం నుంచి ఇప్పటిదాకా నిలబడింది. పెన్నా వెలిగొండలను చీల్చుకుని నెల్లూరు జిల్లాలోకి వచ్చే ఇరుకులోనే సోమశిల డ్యామ్ కట్టారు. ఇరుకు చోటు కట్టకు సుఖం, కిందనున్న అడుగుకు మాత్రం కష్టం, పైనుంచి దూకే నీళ్ళ బలమంతా అదే మోయాలి. వరదలకు సోమశిల ఆప్రాన్ (గేట్ల కింద నీళ్ళు దూకే చోట వేసిన కాంక్రీటు నేల) ఎంత దెబ్బతిందో జిల్లాలో అందరూ చూశారు.

కోనలు దాటి వాగు మైదానంలోకి వచ్చే మొదట్లో ఇళ్ళు, షెడ్లు కట్టడం ఎప్పుడూ తలనొప్పే. అక్కడ వాలు ఒక్కసారిగా తగ్గి, తెచ్చిన రాళ్ళన్నీ దింపేసి, వాగు తన దారి తానే మూసుకుని పక్కకు తిరుగుతుంది. ఈ ఏడాది పొడిగా ఉన్న పాయ వచ్చే ఏడాది అసలు వాగైపోవచ్చు. పైగా మన దగ్గర కార్తీకమాసమూ వాయుగుండాల కాలమూ ఒకటే, భైరవకోనకో పెంచలకోనకో వనభోజనాలకు జనం వచ్చేది సరిగ్గా అప్పుడే. పైన కొండ మీద మబ్బు కమ్ముకుని ఉండి, వాగు నీళ్ళు ఉన్నట్టుండి బురదగా మారినా, లోపల రాళ్ళు దొర్లే గుబగుబ శబ్దం వచ్చినా పిల్లల్ని తీసుకుని గట్టెక్కేయాలి. వాన కురుస్తుండగానే నీళ్ళు హఠాత్తుగా తగ్గితే ఇంకా జాగ్రత్త, ఎగువన గట్టు జారో చెట్లు అడ్డుపడో నీళ్ళు ఆగి ఉండొచ్చు, అది తెగితే పరుగెత్తే టైం ఉండదు.

ఊరివాళ్ళు సొంతంగా చేయగలిగిన పని ఒకటుంది. వాగుకు రెండువైపులా కదలని బండ చూసి ఎర్ర పెయింటుతో ఒక్కో గుర్తు పెట్టండి. దసరాకు ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి ఆ రెండు గుర్తుల మధ్య తాడు బిగించి, మీటరుకొకచోట తాడు నుంచి అడుగుదాకా లోతు కొలిచి రాసుకోండి, అదే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. మూడు నాలుగేళ్ళకు మీ వాగు దిగుతోందో, మేట వేస్తోందో, ఏ ఒడ్డును తింటోందో అంకెల్లో మీ దగ్గరే ఉంటుంది, చప్టాకు ఎస్టిమేట్ వేయడానికి వచ్చిన ఇంజనీరు ముందు ఆ నోటుబుక్కు తెరిచి పెట్టొచ్చు.