గోగుపూలా, కోటిపూలా?

చిరంజీవులు మనవరాలికీ మనవడికీ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో డాబా మీద చందమామ పాట దగ్గర మీరిద్దరూ కొట్టుకున్నంత పని చేశారు, గుర్తుందా? చిన్నోడు నా దగ్గర నేర్చుకున్నట్టే ‘కొండెక్కి రావే, గోగుపూలు తేవే’ అన్నాడు. అమ్మాయి స్కూల్లో నేర్చుకుంది కాబట్టి ‘గోగుపూలు కాదురా, కోటిపూలు’ అంది. ఏది కరెక్టో చెప్పమని ఇద్దరూ నా మీద పడ్డారు. రెండూ కరెక్టే అంటే ఒప్పుకోలేదు. ‘రెండూ ఎలా కరెక్టవుతాయి?’ అని అమ్మాయి మూతి ముడుచుకుని కిందికి వెళ్లిపోయింది.

నీ ప్రశ్న మంచిదే తల్లీ. ఆ రాత్రి నాకే సరిగ్గా చెప్పడం చేతకాలేదు. సగం జీవితం ఇలాంటి ప్రశ్న చుట్టూనే తిరిగిన ఒకాయన జర్మనీలో ఉండేవాడు. ఆయన పేరు వోల్ఫ్‌గాంగ్ ష్టైనిట్స్. టీచరుగా ఉన్న రోజుల్లో జానపద గేయాల గురించి చదువుతుంటే మొదటిసారి ఆ పేరు తగిలింది. అప్పటినుంచీ ఆయనంటే నాకు చాలా గౌరవం. ఆయన కథ చెబితే నీకు జవాబు కూడా దొరుకుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన 1905 ఫిబ్రవరి 28న బ్రెస్లావ్ అనే ఊళ్లో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడది జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. పేరు కూడా వ్రోత్స్వాఫ్ అని మారింది. చదువుకునే రోజుల్లో ఆయన మనసు ఫిన్నిష్, హంగేరియన్ లాంటి భాషల మీదికి పోయింది. ఫిన్లండ్ పక్కన కరేలియా అనే అడవుల ప్రాంతం ఉంది. అక్కడ ఆర్హిప్పా పెర్త్తునెన్ అనే పాటగాడు ఉండేవాడు. 1834లో లోన్‌రోట్ అనే డాక్టరు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, రోజుల తరబడి పక్కన కూర్చుని పాటలు రాసుకున్నాడు. ఆర్హిప్పా చిన్నతనంలో రాత్రిపూట చేపల వేటకు వెళ్తే ఒడ్డున చలిమంట దగ్గర ఆయన తండ్రీ, పాలేరూ చేతిలో చెయ్యి వేసుకుని తెల్లవార్లూ పాడేవారట. ఒకసారి పాడిన పాట మళ్లీ వచ్చేది కాదట. ఆ ముసలాయనే ఈ మాట లోన్‌రోట్‌కి చెప్పాడు. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఆ మంట కళ్ల ముందు కనిపిస్తుంది.

ఈ ఆర్హిప్పా పాటల మీదే ష్టైనిట్స్ పరిశోధన చేశాడు. 1934లో అది పుస్తకంగా వచ్చింది. ఆ పాటల్లో ఒక పాదం చెప్పిన సంగతినే పక్క పాదం ఇంకో మాటతో మళ్లీ చెబుతుంది. అర్థం కాలేదా? ‘చందమామ రావే, జాబిల్లి రావే.’ పిలిచింది ఒకరినే, పేర్లు రెండు. అలాగన్నమాట. పాదాలు అలా జంటలు జంటలుగా నడిస్తే పాడేవాడికి మరిచిపోయే భయం ఉండదు, వినేవాడికి ఆ ఊపు తెలిసిపోతుంది. ఇది చూడటానికి చిన్న సంగతి. కానీ ఆయన ఒక్కో పాదాన్నీ విడదీసి, ఏ మాటకు ఏ మాట జంటగా వస్తోందో ఓపిగ్గా లెక్క తేల్చాడు.

పుస్తకం వచ్చేసరికి ఆయనకు సొంత దేశంలో చోటు లేకుండా పోయింది. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదు కుటుంబంలో పుట్టినవాడు, పైగా కమ్యూనిస్టు. బెర్లిన్ యూనివర్సిటీలో ఉద్యోగం పోయింది. 1934లో సోవియట్ యూనియన్‌కి వెళ్లి, లెనిన్‌గ్రాడ్‌లో ఉత్తరాది తెగల యువతీయువకుల కోసం పెట్టిన ఒక విద్యాసంస్థలో పాఠాలు చెప్పాడు. సైబీరియాలో ఓబ్ నది ఒడ్డున చేపలూ రెయిన్‌డీర్లూ ఆధారంగా బతికే ఖాంతీ తెగ యువకులు అక్కడికి చదువుకి వచ్చేవాళ్లు. పాఠాలు చెప్పాల్సిన మాస్టారు ఆ విద్యార్థుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు! 1935లో ఓబ్ నది దాకా వెళ్లి, వాళ్ల ఊళ్లలోనే పాటలూ కథలూ రాసుకున్నాడు. ఆ దేశంలోనూ పరాయివాళ్ల మీద అనుమానాలు పెరిగిపోయి, 1937 చివర్లో అక్కడినుంచి కూడా బయలుదేరాల్సి వచ్చింది. భార్యాబిడ్డలతో స్వీడన్ చేరి, యుద్ధం అయ్యేదాకా స్టాక్‌హోమ్‌లో ఉన్నాడు. ఖాంతీ పాటల మొదటి సంపుటం 1939లో, రెండోది 1941లో అచ్చయ్యాయి. యూరప్ తగలబడిపోతున్న రోజులవి. సరైన బతుకుతెరువు లేని మనిషి సైబీరియా చేపల వేటగాళ్ల పాటలకు అచ్చుతప్పులు దిద్దుకుంటూ కూర్చున్నాడు.

1946లో బెర్లిన్ తిరిగి వచ్చాడు. నగరం నిండా శిథిలాలు. తూర్పు జర్మనీలో ప్రొఫెసర్ అయ్యాడు, సైన్స్ అకాడమీకి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయన రాసిన రష్యన్ వాచకంతోనే అక్కడ ఒక తరం రష్యన్ నేర్చుకుంది. కానీ మన గొడవకి కావలసింది 1954లో, 1962లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆయన పెద్ద పుస్తకం. అందులో ఆరు శతాబ్దాల జర్మన్ పాటలున్నాయి. అప్పటిదాకా పాటలు సేకరించినవాళ్లు చాలామంది ప్రేమ, వసంతం, వేట, పెళ్లి లాంటి ముచ్చటైన పాటలే ఎక్కువగా ఏరారు. ఈయన వాళ్లు వదిలేసిన పాటలు పట్టుకున్నాడు. వెట్టి చేసే రైతులవి, బలవంతంగా పటాలంలో చేర్చిన సిపాయిలవి, కూలీలవి. ‘ఓ ప్రష్యా రాజా, నీ కొలువంటే మాకు విసుగెత్తిపోయింది’ అని సిపాయిలు పాడుకున్న పాట ఉంది. పారిపోయి దొరికిన సిపాయిని రెండు వరుసల మధ్య నడిపించి, తోటి సిపాయిల చేతనే బెత్తాలతో కొట్టించే కాలం అది.

ఇక నేతగాళ్ల పాట. దీని దగ్గర నేను కాసేపు ఆగుతాను, మీరూ ఆగండి. ష్టైనిట్స్ పుట్టిన సైలీషియా ప్రాంతంలోనే పీటర్స్‌వాల్డావ్ అని ఒక ఊరుంది. అక్కడ ట్స్వాన్‌ట్సిగర్ అనే షావుకార్లు నూలు ఇచ్చేవాళ్లు, నేతగాళ్లు ఇంట్లో నేసి బట్ట తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు. ఇంగ్లండ్ మరబట్ట పోటీకి వచ్చేసరికి షావుకార్లు మజూరీ తగ్గిస్తూ పోయారు. అప్పుడు ఎవరు కట్టారో తెలియని ఒక పాట పుట్టింది. ఈ ఊళ్లో ఒక కోర్టు ఉందనీ, అక్కడ తీర్పు కూడా చెప్పకుండానే ప్రాణం తీస్తారనీ మొదలవుతుంది. ‘ట్స్వాన్‌ట్సిగర్ దొరలే తలారులు, వాళ్ల నౌకర్లే భటులు’ అని పేరు పెట్టి మరీ పాడారు. 1844 జూన్‌లో ఆ షావుకార్ల ఇంటి ముందు పాడుతూ నడిచినందుకు ఒకతన్ని పట్టుకున్నారు. మర్నాడు జనం ఆ ఇంటి మీద పడ్డారు. ఆ తర్వాతి రోజు పక్కనున్న లాంగెన్‌బీలావ్‌లో సైన్యం కాల్పులు జరిపితే 11 మంది చనిపోయారు.

ఆ పాట రాగం మాత్రం కొత్తది కాదు. ఒక కుర్రవాణ్ని కోటలో బంధిస్తారు, తండ్రి డబ్బు ఇస్తానని బతిమాలినా వదలరు, చంపేస్తారు. అలాంటి కథ చెప్పే పాత పాట ఒకటుంది. ఆ రాగమే నేతగాళ్లు తీసుకున్నారు. రాగం ఎత్తుకోగానే వినేవాళ్లందరికీ ఆ కోటా, ఆ కుర్రవాడూ గుర్తొచ్చేవాళ్లు కదా!

మీ ముత్తాత గుంట మగ్గం మీద నేసేవారని మీకు తెలుసు. నేసిన చీర తీసుకుని వెళ్తే అంచు వంకర పోయిందనో, మరక పడిందనో షావుకారు మజూరీలో కోత పెట్టేవాడు. నాన్న ఏమీ అనకుండా ఇంటికొచ్చి మళ్లీ మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవారు. మా నాయనమ్మ మాత్రం కండెలు చుడుతూ ఒక పాట పాడేది. అందులో ఆ షావుకారు కూడా వచ్చేవాడు. రాగం నాకింకా గుర్తుంది, మాటలు పోయాయి. ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. అందుకే ఆ జర్మన్ నేతగాళ్ల పాట గురించి చదివినప్పుడు నాకు సంతోషం, దిగులు రెండూ కలిగాయి.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికి వస్తున్నాను అమ్మాయీ. ఒకే పాట పది రకాలుగా దొరికితే ష్టైనిట్స్ అందులోంచి ‘అసలుది’ ఒకటి ఏరి మిగతావి పారేయలేదు. ఎవరు పాడారు, ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎవరు రాసుకున్నారు, అన్నీ పక్కన పెట్టి వరుసగా అచ్చు వేశాడు. ఫ్రైబుర్గ్‌లో జాన్ మయర్ అనే పండితుడు 1914లో మొదలుపెట్టిన జానపద గేయాల భాండాగారం ఉండటం కూడా ఆయనకు కలిసొచ్చింది. మాట ఎక్కడ మారిందో అక్కడ కొత్త మనిషి పాటలోకి వచ్చాడని అర్థం.

లైనా అనే ఊరి పాట చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలు ఒక పాట పాడుకునేవాళ్లు. ఇద్దరు స్నేహితుల్లో ఎవరు పోయినా రెండోవాడు అమ్మకు ఉత్తరం రాయాలని ఒట్టు పెట్టుకుంటారు. ఒకడికి గుండు తగులుతుంది. 1921లో లైనా రసాయన ఫ్యాక్టరీ దగ్గర కార్మికులకూ పోలీసులకూ పోరాటం జరిగి చాలామంది చనిపోయినప్పుడు, అదే పాటలోకి లైనా వచ్చింది, సిపాయిలు కార్మికులయ్యారు. వణికే చేతులతో పెన్సిల్ పట్టుకుని మిగిలినవాడు రాస్తాడు: ‘మీ అబ్బాయి లైనాలో పడి ఉన్నాడు, ఇక తిరిగి రాడు.’ తర్వాత హిట్లర్ మనుషులు అందులో మ్యూనిక్ అని పెట్టి, తమవాళ్ల కోసం పాడుకున్నారు. ఒకరినొకరు చంపుకునేవాళ్లకి ఒకటే పాట! ష్టైనిట్స్ ఈ పాట మీద విడిగా పరిశోధన చేశాడు.

ఆయనలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. పార్టీ మనిషి కాబట్టి జనం ఎదురు తిరిగిన పాటలకే పెద్దపీట వేశాడు. అదే జనం భక్తితో పాడినవీ, రాజుగారిని పొగిడినవీ ఆ పుస్తకంలో వెతికితే దొరకవు. ఆ పుస్తకం ఒక్కటే చదివితే జర్మన్ పల్లెలు ఎప్పుడూ కోపంతో ఉన్నాయనిపిస్తుంది. కానీ తను దొరకబుచ్చుకున్నదాన్ని మార్చకుండా, ఎక్కడ దొరికిందో చెప్పి మరీ ఇచ్చాడు. అందుకే ఆయన రాజకీయం నచ్చనివాళ్లకి కూడా ఆ పుస్తకం పనికొచ్చింది. హిట్లర్ కాలంలో పాత పాటలన్నీ కవాతులకు వాడి పాడుచేశారని పశ్చిమ జర్మనీ కుర్రకారు వాటిని అసహ్యించుకునే రోజుల్లో, 1964 నుంచి వాల్డెక్ కోట దగ్గర పాటల పండగలు మొదలయ్యాయి. గిటార్లు పట్టుకుని వచ్చిన ఆ పిల్లలు ష్టైనిట్స్ పుస్తకంలోంచి పాటలు తీసుకున్నారు. తూర్పు, పశ్చిమ జర్మనీల మధ్య గోడ ఉన్నా పుస్తకం అటు దాటింది. 1979లో అక్కడ మళ్లీ అచ్చు వేశారు కూడా.

ఆ అచ్చు ఆయన చూడలేదు. 1967 ఏప్రిల్‌లో పోయాడు, అరవై రెండేళ్లకి. ఖాంతీ భాషకి ఆయన మొదలుపెట్టిన నిఘంటువు తొలి భాగం అంతకు ముందు ఏడాదే వచ్చింది. తోటివాళ్లు పట్టు వదలకుండా కొనసాగిస్తే చివరి భాగం 1993లో వచ్చింది.

గోగుపూలు మా పల్లెలో గట్ల మీద పూసేవి, పసుపుపచ్చగా, మధ్యలో ఎర్రటి మచ్చతో. అందుకే నా పాటలో అవి ఉన్నాయి. గోగు ఎప్పుడూ చూడని ఊళ్లో ఎవరో చంటిబిడ్డకి అన్నం పెడుతూ ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి కోటిపూలు అని ఉంటారు. నేను అలా ఊహించుకుంటున్నాను.

ఈ కాగితం వెనక రెండు పాటలూ రాశాను. చిన్నోడి పాట కింద మా ఊరు, మా అమ్మ పేరు, ఆవిడ నాకు నేర్పిన ఏడాది కూడా ఉన్నాయి. అమ్మాయీ, నీ పాట కింద ఖాళీ వదిలాను. నీకది నేర్పిన టీచరుగారిది ఏ ఊరో, వాళ్లకి ఎవరు నేర్పారో అడిగి, పెన్నుతో రాసి పంపు.

మీలో ఒకరికి అమ్మమ్మ,
ఒకరికి నానమ్మ