ఆన్‌లైన్ ఆటల్లో ఎవరూ ఎందుకు మాట్లాడుకోరు? కొన్ని అపోహలు, వాస్తవాలు

నలుగురు కలిసి ఆడే ఆటలో నలుగురూ నోరు విప్పకపోవడం ఇప్పుడు మామూలైపోయింది. విమానం నుంచి దూకుతారు, పరిగెడతారు, కాలుస్తారు, చస్తారు, వెళ్లిపోతారు. పక్కవాడి పేరు కూడా చదవరు. ఇలాంటి ఆటల్లో స్నేహితుల జాబితా, బృందాలు, మైకు, సందేశాలు ఎలా పనిచేయాలో రూపొందించడం నా వృత్తి. అంటే ఆటగాడికీ ఆటగాడికీ మధ్య నడిచే వ్యవహారమంతా నా పని కిందికే వస్తుంది. ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లా. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆటలో మైకు తెరిస్తే హిందీ. ఈ మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు ఆటలో ఎందుకు మూగబోతారో రోజూ చూస్తుంటాను. దాని గురించి పెద్దలు చెప్పే కారణాలు చాలావరకు తప్పు. నా తోటి వృత్తివారు చెప్పేవాటిలోనూ కొన్ని తప్పే.

అపోహ: ఈ తరం పిల్లలకు మనుషులతో మాట్లాడటం రాదు. అందుకే మౌనంగా ఆడతారు.

వాస్తవం: ముక్కూమొహం తెలియని ముగ్గురితో ర్యాంకు ఆటలో పెదవి కదపని కుర్రాడే, తన వీధి స్నేహితులతో కస్టమ్ రూమ్ (పిలిచినవారే ఆడే విడి ఆట) పెట్టుకున్న రాత్రి ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. మనిషి మారలేదు, ఆట అమరిక మారింది. మాట్లాడాల్సిన అవసరం, మాట్లాడేంత తీరిక, మళ్లీ కలుస్తామన్న నమ్మకం ఉన్నచోట మాట పుడుతుంది. ఈ మూడింటినీ ఆటలు ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చాయి. చెడు ఉద్దేశంతో కాదు, ఆటగాడి కష్టం తగ్గించాలనే.

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటను చూడండి. అందులో మంత్రగాడి శక్తి అయిపోతే నేల మీద కూర్చుని, అది మళ్లీ నిండేదాకా ఎదురుచూడాలి. చనిపోతే సామాను శవం దగ్గరే ఉండిపోతుంది. ప్రమాదకరమైన చోట పడిపోయిన శవాన్ని తెచ్చుకోవాలంటే ఇంకొకరి సాయం అడగక తప్పదు. ఇవన్నీ విసుగు పుట్టించేవే. కానీ ఆ కూర్చున్న నిమిషాల్లోనే జట్టువాళ్లు కబుర్లు చెప్పుకునేవారు, ఎవరు ఏ ఊరివారో తెలుసుకునేవారు.

ఆ ఆటలో ఆటగాళ్లు తమ సరుకును తోటి ఆటగాళ్లకు అమ్ముకోవడానికి ప్రత్యేక ఏర్పాటు మొదట్లో లేదు. ఈస్ట్ కామన్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలోని ఒక సొరంగంలో ఆటగాళ్లే తమంతట తాము చేరి, కత్తులూ కవచాలూ కేకలు వేసి అమ్మేవారు. మా కొండల మీద వారానికొకసారి జరిగే సంత లాంటిదే అది. కొనేది తక్కువైనా, కలుసుకునేది ఎక్కువ. బేరాలాడటం, ధర మరీ ఎక్కువని పోట్లాడటం, కొత్తవాడికి పాత కత్తి ఊరికే ఇచ్చి పంపడం అన్నీ అక్కడే. 2001 చివర్లో ఆటకు కొత్తగా చేర్చిన భాగంలో బజారు అనే సౌకర్యం పెట్టారు. సరుకు పెట్టేసి కూర్చుంటే చాలు, కొనేవాడు వెతుక్కుని కొనుక్కుపోతాడు. వ్యాపారం బాగుపడింది. సొరంగం ఖాళీ అయిపోయింది. నా వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి నేను మొదట చెప్పేది ఈ ఉదంతమే.

అపోహ: పాత ఆటల్లో అందరూ కలిసిమెలిసి ఆడేవారు. ఫోన్ ఆటలు వచ్చాకే ఒంటరితనం మొదలైంది.

వాస్తవం: 2006లోనే నికొలస్ డ్యూషెనో, నిక్ యీ, మరో ఇద్దరు పరిశోధకులు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల కదలికలను పరిశీలించి, అందులో జనం అనుకున్నంతగా కలిసి ఆడటం లేదని తేల్చారు. చాలామంది ఎక్కువ సమయం ఒంటరిగానే ఆడుతున్నారు. అయితే చుట్టూ మనుషులు ఉండటం వారికి కావాలి. తాము సంపాదించిన గుర్రాన్ని, కవచాన్ని చూసేవారు కావాలి. దూరాన వినిపించే కబుర్లు కావాలి. అంటే మౌనంగా ఆడేవారంతా మనుషులు వద్దనుకునేవారు కాదు. తల్లిదండ్రులు ఇది గమనించాలి. మీ అబ్బాయి ఎవరితోనూ మాట్లాడకుండా ఆన్‌లైన్ ఆటే ఆడుతున్నాడంటే, మనుషుల అలికిడి వాడికి ఇష్టమనే అర్థం. ఒక్కడే ఆడే ఆటలు ఎన్ని లేవు?

అపోహ: అపరిచిత ఆటగాళ్లను ఆటే ఏరి ఒక జట్టుగా జత కుదిర్చే సౌకర్యం (మ్యాచ్‌మేకింగ్) మనుషుల్ని కలుపుతుంది.

వాస్తవం: ఒకచోట చేరుస్తుంది, అంతే. చేర్చడం వేరు, కలపడం వేరు. వార్‌క్రాఫ్ట్‌లో 2009 డిసెంబరు దాకా, ఐదుగురు కలిసి పోరాడాల్సిన గుహలోకి వెళ్లాలంటే, ఊరి మధ్య నిలబడి ఫలానా చోటికి ఒక వైద్యుడు కావాలని అందరికీ సందేశం పెట్టాలి. వచ్చినవారిని పలకరించాలి, కలిసి నడిచి ద్వారం దాకా పోవాలి. అందరిదీ ఒకే సర్వరు (ఆటను నడిపే కంప్యూటరు) కాబట్టి సామాను కాజేసి పారిపోయినవాడి పేరు నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోయేది. మంచివాడి పేరు కూడా అలాగే తెలిసేది. ఆ డిసెంబరులో డంజన్ ఫైండర్ వచ్చింది. మీట నొక్కితే వేరువేరు సర్వర్ల నుంచి ఐదుగురిని తెచ్చి లోపల దింపుతుంది. పని అయిపోగానే ఎవరి దారి వారిది, మళ్లీ జన్మలో కనబడరు.

కాల్పుల ఆటల్లోనూ ఇదే జరిగింది. కౌంటర్-స్ట్రైక్ తొలి రోజుల్లో ఆటగాళ్లు జాబితా చూసి సర్వరును ఎంచుకునేవారు. ఎవరో ఒకరు సొంత ఖర్చుతో నడిపే ఆ సర్వరుకు రోజూ వచ్చే ముఖాలు కొన్ని ఉండేవి. 2004లో హాలో 2 జత కుదిర్చే పద్ధతిని జనంలోకి తెచ్చింది. 2009లో మోడర్న్ వార్‌ఫేర్ 2 కంప్యూటర్ ఆటగాళ్లకు ఇలా సొంతంగా నడుపుకునే విడి సర్వర్లను పూర్తిగా తీసేసింది. ఆట త్వరగా మొదలవుతుంది, సమఉజ్జీలు దొరుకుతారు. ఈ లాభాలు నిజమైనవే, వాటిని నేను కాదనను. కానీ లక్షల మందిలోంచి ఏరి తెచ్చిన ముగ్గురిని రేపు మళ్లీ చూసే అవకాశం లేనప్పుడు, వారితో మర్యాదగా ఉండటానికైనా, మనసు విప్పడానికైనా కారణమేముంటుంది? మౌనానికి అసలు వేరు ఇక్కడుందని నా నిశ్చితాభిప్రాయం. మిగతావన్నీ కొమ్మలే.

అపోహ: మైకు మీట ఉంది కదా, మాట్లాడనివాడిదే తప్పు.

వాస్తవం: ఆ మీట నొక్కితే ఏమవుతుందో ముందు చూద్దాం. మా వైపు కుర్రాళ్లలో చాలామంది చెవిలో చవక బ్లూటూత్ ఇయర్‌ఫోన్లే ఉంటాయి. వీటిలో పాట వినే పద్ధతి వేరు, ఫోన్ కాల్ మాట్లాడే పద్ధతి వేరు. మైకు తెరవగానే ఇయర్‌ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది. కుడిచెవి, ఎడమచెవి తేడా పోయి శబ్దమంతా డొల్లగా, ఒకే ముద్దగా వినిపిస్తుంది. శత్రువు అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. అడుగుల చప్పుడు మీదే ప్రాణం ఆధారపడిన ఆటలో మైకు తెరవడమంటే చెవులు మూసుకోవడమే. కుర్రాడు మైకు కట్టేస్తాడు. వాడు బిడియస్తుడని మనం తీర్మానిస్తాం. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ తగిలిస్తే ఈ చిక్కు ఉండదు. ఈ ఒక్క మార్పుతో నోరు తెరిచినవారిని నేను చూశాను.

ఇక భాష. మా వీధిలో ఇంటర్ చదివే ఒకబ్బాయి ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. జట్టులో మిగతా ముగ్గురూ అపరిచితులే. ఒకరు హిందీలో ఏదో అడిగారు. వీడు జవాబివ్వలేదు. శత్రువు కనబడినప్పుడల్లా ఆటలో ముందే రికార్డు చేసి ఉంచిన మాట నొక్కుతున్నాడు, అంతే. ఆట సగంలో ఉండగా వంటింట్లోంచి వాళ్లమ్మ పిలిచింది. మైకు తెరిచి ఉందన్నది మరిచిపోయి, “వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం!” అని అరిచాడు. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత అవతలి నుంచి, “తమ్ముడూ, నువ్వు తెలుగువాడివా?” అని వినిపించింది. అతనిది బల్లార్షా. తండ్రి బొగ్గు గనిలో పనిచేస్తారట. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, హిందీ. అప్పటిదాకా అతనూ వచ్చీరాని హిందీలోనే నెట్టుకొస్తున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట ఆపలేదు. “మీది ఆంధ్రానా?” అని అతను అడిగితే “కాదన్నా, ఒడిశా” అన్నాడు మావాడు. “మాది మహారాష్ట్ర” అన్నాడతను. వాళ్లమ్మ మళ్లీ పిలవాల్సి వచ్చింది.

ఒకే భాషవారు ఇద్దరు ఒకే జట్టులో పడ్డారు. ఆ సంగతి వారికి తెలియజెప్పే చిన్న గుర్తు కూడా తెర మీద లేదు. ఇది కుర్రాళ్ల లోపం కాదు, మా వృత్తి లోపం. కొన్ని ఆటల్లో భాష ఎంచుకునే సౌకర్యం ఉన్నా, అది సెట్టింగుల అడుగున ఎక్కడో ఉంటుంది. రాయగడ, గుణుపురం, జయపురం, అటు సిరొంచ, రాజురా, ఎక్కడి పిల్లలైనా రాష్ట్రాన్ని బట్టి చూస్తే ఒడియావారుగానో మరాఠీవారుగానో లెక్కకు వస్తారు. రాష్ట్రాన్ని బట్టి భాషను ఊహించే ఏ పద్ధతీ సరిహద్దు జిల్లాల్లో పనిచేయదు.

అపోహ: మైకు ఆన్ చేస్తే పింగ్ (మీట నొక్కాక ఆట స్పందించడానికి నెట్‌లో పట్టే ఆలస్యం) పెరిగిపోతుంది.

వాస్తవం: మాటకు అయ్యే డేటా చాలా తక్కువ. గొంతును కుదించి పంపడానికి 2012లో ప్రమాణంగా ఖరారైన ఓపస్ అనే పద్ధతిలో, సెకనుకు కొద్ది పదుల కిలోబిట్లతోనే గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. కొండ ప్రాంతంలో సిగ్నల్ అటూ ఇటూ ఊగుతుంటే పింగ్ ఎలాగూ పెరుగుతుంది. అది మైకు వల్ల కాదు.

అపోహ: మాట లేకపోతే స్నేహం లేదు.

వాస్తవం: 2012లో వచ్చిన జర్నీ ఆటలో ఇద్దరు అపరిచితులు కలిసి ఎడారి దాటుతారు. మైకు లేదు, సందేశాలు లేవు, ఆట పూర్తయ్యేదాకా పేరు కూడా కనబడదు. ఒక చిన్న కూత కూయగలరు, అంతే. ఆ ఆట తొలి నమూనాలో ఒకరినొకరు నెట్టుకోవడానికి వీలుండేది. ఏం జరిగిందంటే, ఆటగాళ్లు సాయపడటం మాని తోటివారిని లోయల్లోకి నెట్టడం మొదలుపెట్టారు. నెట్టే వీలును తీసేసి, దగ్గరికొస్తే ఇద్దరికీ ఎగిరే శక్తి నిండేలా మార్చారు. అదే మనుషులు ఒకరికొకరు ఆనుకుని నడిచారు. ఈ రూపకర్తల పట్ల నాకు ఎనలేని గౌరవం.

2019లో ఎపెక్స్ లెజెండ్స్ ఇంకో మార్గం చూపింది. తెర మీద ఒక చోటినో వస్తువునో గురిపెట్టి మీట నొక్కితే, నీ పాత్రే ఆ సంగతిని జట్టుకు నోటితో చెబుతుంది. ఆ తుపాకీ నాకు ఉంచమని చెప్పవచ్చు, ధన్యవాదాలు చెప్పవచ్చు. వినేవాడికి అది తన ఆట ఏ భాషలో ఉంటే ఆ భాషలో వినిపిస్తుంది. నత్తి ఉన్నవారికి, చెవి వినిపించనివారికి, గొంతు వినిపిస్తే వేధింపులు మొదలవుతాయని భయపడే ఆడపిల్లలకు ఇది ఎంత మేలో మాటల్లో చెప్పలేను. ఆ భాషల జాబితాలో తెలుగు, ఒడియా లేకపోవడం మాత్రం నన్ను బాధిస్తుంది.

అపోహ: తిట్లు ఆపాలంటే మాటల సౌకర్యాన్ని తీసేయడమే దారి.

వాస్తవం: తీసేయనక్కర్లేదు, మొదట మూసి ఉంచితే చాలు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ప్రత్యర్థి జట్టుతో మాట్లాడే సౌకర్యాన్ని ముందుగా ఆపి ఉంచి, కావలసినవారే తెరుచుకునేలా మార్చి చూశారు. వాడేవారు పెద్దగా తగ్గలేదు, దుర్భాషలు మాత్రం బాగా తగ్గాయి. ఒక్క అడుగు అడ్డం పెడితే, కోపంలో నోరు జారేవాడు ఆగుతాడు. నిజంగా మాట్లాడదలచినవాడు ఆ అడుగు వేస్తాడు. ఎదుటివారి నోరు మూయించే మీట పెద్దదిగా, చేతికి అందేచోట ఉంటే ఆడపిల్లలు మైకు తెరవడానికి ధైర్యం చేస్తారని నా అనుభవం. ఆపగలనన్న భరోసా ఉంటేనే వారు మొదలుపెడతారు.

అపోహ: ఆట కంపెనీలు మారితే తప్ప మన చేతుల్లో ఏమీ లేదు.

వాస్తవం: చాలా ఉంది. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు మా చుట్టుపక్కల జట్లు ఏమయ్యాయో గమనించాను. ఆటలోని స్నేహితుల జాబితానే నమ్ముకున్న జట్లు చెల్లాచెదురయ్యాయి. బయట కూడా ఒకరినొకరు ఎరిగినవారు మూకుమ్మడిగా ఇంకో ఆటకు మారి, మళ్లీ కలిసి ఆడుకున్నారు. కాబట్టి ఆట ముగిశాక ఫలితాల తెర మీద కనబడే స్నేహ అభ్యర్థన మీటను వాడండి. నచ్చినవారితో మర్నాడు అదే వేళకు ఆడదామని మాట అనుకోండి. మళ్లీ కలవడానికి ఆట కల్పించని అవకాశాన్ని మనమే కల్పించుకున్నట్టవుతుంది. సెట్టింగుల్లో మొదటి భాషగా హిందీ ఉంటే, తెలుగు దొరికే ఆటల్లో తెలుగు పెట్టండి. పదిమందితో ఒక క్లాన్ (ఆటలోని స్థిరమైన బృందం) కట్టి, వారానికొక రాత్రి కస్టమ్ రూమ్ నడపండి. ఓడినవారు వెంటనే వెళ్లిపోకుండా అక్కడే ఉండి మిగతావారి ఆట చూసేలా నియమం పెట్టండి. అసలు కబుర్లు అప్పుడే సాగుతాయి. పిల్లలు చిన్నవారైతే ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం ఇంట్లో పెద్దలకు తెలిసే జరగాలి. ఆ రాత్రి ఎవరెవరు ఆడుతున్నారో పేర్లతో సహా అడిగి తెలుసుకోండి.