థ్రాటిల్ దగ్గర పోయే పెట్రోలు

కారు యాక్సెసరీల షాపుకి వెళ్తే శంకువు ఆకారంలో ఉండే ఎర్రటి ఎయిర్ ఫిల్టర్ ఒకటి తీసి చూపిస్తారు. "ఇది వేయించండి సార్, ఇంజిన్‌కి చల్లగాలి ఫ్రీగా అందుతుంది. పికప్ పెరుగుద్ది, మైలేజీ కూడా లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తుంది" అంటారు. ఇందులో పికప్ సంగతి కొంతవరకు నిజమే. మైలేజీ సంగతి మాత్రం నమ్మదగ్గది కాదు. పెట్రోలు ఇంజిన్ విషయంలో లెక్క నిజానికి రెండోవైపు మొగ్గుతుంది. లోపలికి వెళ్లే గాలి కాస్త వేడిగా ఉంటేనే మైలేజీ పెరగాలి. ఎంత పెరుగుతుందన్నది తర్వాత చూద్దాం, ముందు గాలి సంగతి.

పెట్రోలు మండడానికి గాలి ఎన్ని లీటర్లు వచ్చిందన్నది లెక్కలోకి రాదు, ఎన్ని గ్రాములు వచ్చిందన్నదే లెక్క. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి 1.20 కిలోలు తూగుతుంది. 40 డిగ్రీలకి అదే గాలి 1.13 కిలోలు, 60 డిగ్రీలకి 1.06 కిలోలు. అంటే వేడెక్కేకొద్దీ అదే సిలిండర్లో పట్టే గాలి బరువు తగ్గుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలూ తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. ఎత్తుకి వెళ్లినా ఇదే కథ. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైనే ఉంది కాబట్టి అక్కడ గాలి పీడనం బందరులో కన్నా దాదాపు ఆరు శాతం తక్కువ. గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బో లేని కారుకి అక్కడ గరిష్ఠ శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. మనమెవరం గమనించం, ఎందుకంటే ఆ గరిష్ఠ శక్తిని మనం వాడేది ఎప్పుడో గానీ కాదు.

మైలేజీ కథ మొదలయ్యేది ఇక్కడే. 1.2 లీటర్ల చిన్న కారు ఒకటి చదునైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతోందనుకోండి. గాలిని చీల్చడానికి, టైర్ల నిరోధాన్ని దాటడానికి చక్రాల దగ్గర కావలసిన శక్తి సుమారు 7 కిలోవాట్లు, అంటే పది హార్స్‌పవర్ లోపే. ఇంజిన్‌కి మాత్రం ఎనభై, తొంభై హార్స్‌పవర్ సత్తా ఉంటుంది. మిగతా సత్తాని అణచిపెట్టి ఉంచాలి కదా, ఆ పని చేసేది థ్రాటిల్. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టినప్పుడు గాలి వచ్చే దారిని ఈ రేకు చాలావరకు మూసేస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో గాలికి, పెట్రోలుకి నిష్పత్తి కట్టుబాటుగా ఉండాలి కాబట్టి, పెట్రోలు తగ్గించాలంటే గాలినీ తగ్గించాల్సిందే.

సిరంజి మూతిని వేలితో సగం మూసి వెనక నుంచి పిస్టన్ లాగి చూడండి, చేతికి ఎంత బరువు తగులుతుందో. ఇంజిన్‌లో పిస్టన్లు కిందికి దిగిన ప్రతిసారీ చేసే చాకిరీ అదే. దీన్ని పంపింగ్ లాస్ అంటారు. ఎంత నష్టమో లెక్క కట్టడం కష్టం కాదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర 1.2 లీటర్ల ఇంజిన్ సెకనుకి 25 లీటర్ల గాలి పీలుస్తుంది. బయట పీడనం 100 కిలోపాస్కల్స్, థ్రాటిల్ దాటాక 50 ఉందనుకుంటే, ఆ తేడా మీద ఖర్చయ్యే శక్తి 1.25 కిలోవాట్లు. కారుని నడపడానికి 7 కిలోవాట్లు చాలినచోట, ఊపిరి పీల్చుకోవడానికే ఒకటింబావు పోతోందన్నమాట. పెట్రోలు బండి నిదానంగా వెళ్లేటప్పుడు ఇంధనం వృథా అవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు లోపలికి వచ్చే గాలిని 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడి చేద్దాం. గాలి పది శాతం పలచబడుతుంది. కారు అదే వేగంతో పోవాలంటే అదే బరువు గాలి కావాలి కాబట్టి థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకోవాలి. లోపలి పీడనం 50 నుంచి 55కి పెరుగుతుంది. పంపింగ్ నష్టం 1,250 వాట్ల నుంచి 1,125కి దిగుతుంది. అమెరికాలో మైలేజీ పిచ్చి ఉన్నవాళ్లు కొందరు ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి గొట్టాల (ఎగ్జాస్ట్ మానిఫోల్డ్) పక్క నుంచి పైపు వేసి మరీ ఇంజిన్‌కి వేడిగాలి ఇచ్చేది ఇందుకే. సూత్రం తప్పేమీ కాదు. కానీ మిగిలింది 125 వాట్లు. చక్రాలకి పోయేదీ, లోపలి రాపిడికి పోయేదీ అంతా కలిపి ఇంజిన్ చేసే పని పది పన్నెండు కిలోవాట్లు ఉంటుంది. అందులో 125 వాట్లంటే ఒక్క శాతం. లీటరుకి 20 కిలోమీటర్లు ఇచ్చే కారు 20.2 ఇస్తుంది. ఆ రెండు వందల మీటర్లలోనూ కొంత వెనక్కి పోతుంది, ఎందుకంటే వేడిగా మొదలైన మిశ్రమం మండినప్పుడు సిలిండర్ గోడలకి పోయే వేడి కూడా పెరుగుతుంది. టైర్లలో గాలి సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ప్రభుత్వ అంచనా. ఇంత పైపుల పనీ చేసి సంపాదించినదాన్ని, టైర్లలో అయిదు పీఎస్‌ఐ తక్కువ ఉంటే అలాగే పోగొట్టుకుంటాం.

పైగా ఆ వేడి మనకి ప్రత్యేకంగా తయారు చేసుకోవాల్సిన అవసరం లేదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 డిగ్రీలున్నప్పుడు, ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద గాలి అరవై దాటడం పెద్ద విషయమేమీ కాదు. డ్యాష్‌బోర్డు కింద, ఇంజిన్ వివరాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కి చిన్న స్కానర్ పెట్టి ఫోన్లో 'ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్', అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి, చూస్తే తెలిసిపోతుంది. బండి కదిలాక ఆ అంకె దిగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ ఎక్కుతుంది. షాపువాడి ఫిల్టర్‌లో తమాషా కూడా ఇక్కడే ఉంది. కంపెనీ బిగించిన గాలి గొట్టం సాధారణంగా ముందు గ్రిల్ దగ్గర నుంచి, బయటి గాలిని తెచ్చుకుంటుంది. దాన్ని పీకేసి శంకువు ఫిల్టర్‌ని బానెట్ కింద బట్టబయలుగా పెడితే, 'చల్లగాలి' పేరుతో ఇంజిన్ వేడినే ఇంజిన్‌కి తాగిస్తున్నట్టు. పికప్ కోసం డబ్బు పెట్టి, ట్రాఫిక్‌లో ఆ పికప్పే పోగొట్టుకోవడం.

వేడిగాలికి ఇంకో చిక్కు ఉంది, అది ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది. అరకు దారిలోనో శ్రీశైలం దారిలోనో నిండు కారు ఎక్కుతున్నప్పుడు థ్రాటిల్ దాదాపు పూర్తిగా తెరిచే ఉంటుంది. పంపింగ్ నష్టం అప్పుడు ఎలాగూ పెద్దగా ఉండదు కాబట్టి వేడిగాలితో కలిసొచ్చేదేమీ లేదు. కానీ వేడిగా లోపలికొచ్చిన మిశ్రమం నొక్కుకుపోయినప్పుడు ఇంకా వేడెక్కి, మంట అంటుకునేదాకా ఆగకుండా ఒక మూల తనంతట తాను పేలుతుంది. ఇంజిన్‌లో గలగలమని వినిపించే నాకింగ్ అదే. నాక్ సెన్సర్ దాన్ని పట్టుకుని, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు ఈసీయూకి చెబుతుంది, ఈసీయూ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది గానీ, అదే పెట్రోలుకి వచ్చే పని తగ్గుతుంది. చదును రోడ్డు మీద మిగుల్చుకున్న ఒక శాతం ఒక్క కొండ ఎక్కేసరికి ఖర్చయిపోవచ్చు.

చలిదేశాల లెక్క వేరు. బయట మైనస్ 7 డిగ్రీలుంటే, 25 డిగ్రీలప్పటి కన్నా ఊళ్లో తిరిగే పెట్రోలు కారు మైలేజీ 15 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఈ అంకె చూపించి "చూశారా, చల్లగాలి ఎంత చేటో" అనేవాళ్లున్నారు. కానీ అందులో ఇన్‌టేక్ గాలి వాటా చిన్నదే. ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. బయటి గాలి కూడా పన్నెండు శాతం చిక్కనై కారుకి అడ్డం తగులుతుంది. మన దగ్గర లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఇంత చలి ఉండదు. మన ఎండల్లో ఎదురుగాలి పలచబడి కొంత మేలే చేస్తుంది. 20 డిగ్రీలప్పటి కన్నా 45 డిగ్రీలప్పుడు గాలి నిరోధం ఎనిమిది శాతం తక్కువ. ఆ మేలంతా ఏసీ మింగేస్తుందనుకోండి.

ఫిల్టర్ గురించి నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం టెనెసీలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వాళ్లది. 2009లో వాళ్లు ఇంధనాన్ని ఇంజెక్షన్‌తో ఇచ్చే ఆధునిక కార్ల ఎయిర్ ఫిల్టర్లని కావాలనే మూసుకుపోయేలా చేసి మైలేజీ కొలిచారు. మైలేజీ పెద్దగా మారలేదు. ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వేగం అందుకోవడం మాత్రం మందగించింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని తినకపోతే, కొత్త ఖరీదైన ఫిల్టర్ మైలేజీని ఎక్కణ్నుంచి తెస్తుంది? మామూలు వేగంలో ఇంజిన్‌కి గాలి తగ్గించి ఇవ్వడమే పని. ఆ తగ్గింపు ఫిల్టర్ దగ్గర కొంచెం జరిగితే థ్రాటిల్ దగ్గర అంత తక్కువ జరుగుతుంది. ఫిల్టర్ని బార్లా తెరిస్తే థ్రాటిల్ ఇంకొంచెం మూసుకుంటుంది. పిస్టన్ లాగాల్సిన బరువు మారదు. పాత కార్బ్యురేటర్ బండ్లలో మాత్రం ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు పాళ్లు పెరిగి మైలేజీ నిజంగానే పడేది. ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం ఆ రోజుల నుంచి మిగిలిపోయింది, ఆ రోజులకి అది సరైనదే. ఇప్పుడు కూడా ఫిల్టర్ మార్చకుండా ఉండమని కాదు. మన రోడ్ల దుమ్ము ఇంజిన్‌లోకి పోకుండా ఆపేది అదే.

అన్నిటికన్నా చౌకగా దొరికే మోసం ఇంకొకటుంది. ఆన్‌లైన్లో 'పెర్ఫార్మెన్స్ చిప్' పేరుతో అమ్మేవాటిలో కొన్ని విప్పి చూస్తే లోపల కొన్ని రూపాయల రెసిస్టర్ తప్ప ఏమీ ఉండదు. గాలి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ వైర్లకి దాన్ని తగిలిస్తారు. బయట మండుతున్నా గాలి చల్లగా, చిక్కగా ఉందని ఈసీయూకి అబద్ధం చెప్పడం దాని పని. ఈసీయూ నమ్మి పెట్రోలు పెంచుతుంది. అయితే ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ కూర్చుని ఉంటుంది కదా, పెట్రోలు ఎక్కువైందని అది వెంటనే చెప్పేస్తుంది, ఈసీయూ సరిదిద్దుకుంటుంది. ఫుల్ యాక్సిలరేటర్ లాంటి సందర్భాల్లో మాత్రం ఈ దిద్దుబాటు ఉండదు కాబట్టి అక్కడ మిశ్రమం, స్పార్క్ సమయం రెండూ చెడే ప్రమాదం ఉంది.

డీజిల్ బండ్లకి ఇందులో చాలా భాగం వర్తించదు. వాటిలో శక్తిని నియంత్రించేది పోసే డీజిలే తప్ప, థ్రాటిల్‌తో గాలిని తగ్గించే పని సాధారణంగా ఉండదు. టర్బో గాలిని రెట్టింపు పీడనానికి నొక్కేసరికి దాని వేడి నూరు డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్. అక్కడ చల్లగాలి అన్ని విధాలా మంచిదే. టర్బో పెట్రోలు కార్లలో కూడా బరువు లాగేటప్పుడు నాకింగ్ భయం వల్ల చల్లదనమే కావాలి.

థ్రాటిల్ దగ్గర పోయే ఆ ఒకటింబావు కిలోవాట్ల మీద కంపెనీల ఇంజినీర్లు చాలాకాలంగా కన్నేసి ఉన్నారు. బీఎండబ్ల్యూ 2001లో వాల్వ్‌ట్రానిక్ తెచ్చింది. మామూలుగా గాలిని తగ్గించే పని థ్రాటిల్ నుంచి తీసేసి, ఇన్‌టేక్ వాల్వ్ ఎంత ఎత్తున తెరుచుకోవాలన్నదాన్నే మార్చే పద్ధతి అది. టయోటా 1997లో ప్రియస్ అనే హైబ్రిడ్ కారుతో ఇంకో దారి పట్టింది. ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూసి, లోపలికొచ్చిన గాలిలో కొంత వెనక్కి నెట్టేసే అట్కిన్సన్ తరహా ఇంజిన్ పెట్టి, అది బలహీనపడిన చోట మోటారుతో సాయం చేయించింది. బండి నిదానంగా పోయేటప్పుడు ఇంజిన్ని పూర్తిగా ఆపేయడం వల్ల థ్రాటిల్ మూసి ఈడ్చుకొచ్చే బాధ చాలావరకు తప్పింది. 2016 మోడల్ ప్రియస్ ఇంజిన్ సామర్థ్యం గరిష్ఠంగా 40 శాతానికి చేరింది. మన దగ్గర మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి, వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ పరీక్షలో లీటరుకి 27.97 కిలోమీటర్లు రావడానికి వెనకున్నదీ ఈ ఆలోచనే. మామూలు కారున్నవాళ్లు పైసా ఖర్చు లేకుండా దీన్ని కొంత చేసుకోవచ్చు. అదే వేగానికి ఒక గేరు పైన నడిపితే ఇంజిన్ తక్కువ సార్లు తిరుగుతుంది, థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది. వేడిగాలి పైపు ఇచ్చే లాభం కన్నా ఇది చాలా ఎక్కువ. ఇంజిన్ వణికేటంత పై గేరులో మాత్రం వద్దు.

"మరి నాకు నిజంగానే పెరిగిందే" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బంకులో ఆటో కటాఫ్ ఒకసారి ముందు, ఒకసారి తర్వాత పడితే ట్యాంకులో లీటరు దాకా తేడా రావచ్చు. ముప్పై లీటర్ల మీద అదే మూడు శాతం. ఇథనాల్‌లో లీటరుకి పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి, బంకులో కలిపిన పాళ్లు మారినా లెక్క మారుతుంది. వేలు పోసి ఫిల్టర్ పెట్టించాక మైలేజీ చూసుకుంటూ మనమే కాలు తేలిగ్గా వేస్తాం, అది వీటన్నిటికన్నా పెద్ద తేడా తెస్తుంది. ఒక శాతం మార్పుని పట్టుకోవాలంటే అదే రోడ్డు, అదే వేగం, అదే వేళ, అదే బంకులో అదే పంపు కావాలి. కొత్త ఫిల్టర్‌తో కొన్ని ట్యాంకులు నడిపి, దాన్ని తీసేసి పాతదానితో మళ్లీ అన్నే ట్యాంకులు నడపాలి. పెరిగిన అంకె పాత ఫిల్టర్ పెట్టగానే తిరిగి పడిపోతేనే ఆ ఘనత ఫిల్టర్‌ది.