డ్వాక్రా అప్పు ఇస్తారు, వ్యాపారానికి లోను ఎందుకివ్వరు?

ఏళ్ల తరబడి సంఘంలో ఒక్క కిస్తీ కూడా ఆపని ఆడమనిషి, తన పచ్చళ్ల వ్యాపారానికి ప్యాకింగ్ మెషిన్ కొనుక్కుంటానని సొంతంగా లోను అడిగితే, బ్యాంకులో మొదట వినపడేది "ఇల్లు ఎవరి పేరు మీదుంది?" అనే. ఈ ప్రశ్న పాతదే.

డ్వాక్రాని కేంద్రం 1982లో మొదలుపెట్టింది. మన దగ్గర దానికి ఊపు తెచ్చింది మాత్రం ఆఫీసర్లు కాదు, సారా మీద కోపం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది, ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం కూడా పుట్టింది. (ప్రభుత్వాలు తామే పెట్టిన భిక్షలా మాట్లాడతాయి గానీ.)

1992లోనే నాబార్డు (గ్రామీణాభివృద్ధి బ్యాంకు) 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు అప్పిచ్చే ప్రయోగం చేసింది. తనఖా అక్కర్లేదు, పదిమందీ ఒకరికొకరు పూచీ. ఆస్తి లేనివాళ్లకి ఇది పెద్ద మేలే, కాదనను. కానీ బ్యాంకు నమ్మింది సంఘాన్ని, అందులోని మనిషిని కాదు. వచ్చిన అప్పు తలా కొంత పంచుకుంటే గేదెకో కుట్టుమిషన్‌కో సరిపోతుంది, చాలాసార్లు పిల్లల ఫీజుకే పోతుంది. షెడ్డు వేసి ఇద్దరిని పనిలో పెట్టుకోవాలంటే ఎక్కడ చాలుతుంది?

మరి తనఖాకి ఆస్తి? ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. వర్తించినవాళ్లలోనూ "కట్నం ఇచ్చాంగా" అన్న మాటతో వాటా వదులుకున్నవాళ్లు ఎందరో.

ఆ ఖాళీలోకి చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు దూరాయి. వారం వారం వసూళ్లు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మీద ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, చివరికి 2010 అక్టోబరులో వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్. రాజకీయాల్లో మాత్రం పావలా వడ్డీ, సున్నా వడ్డీ, మాఫీ, ఇవే చర్చలు. అప్పు ఎంత, ఎవరి పేరున అన్నది ఎవరికీ పట్టలేదు.

2015లో ముద్ర లోన్ల పథకం వచ్చింది, తనఖా లేకుండా అప్పట్లో 10 లక్షల దాకా. ఖాతాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే, కానీ మొదటి ఏళ్లలో ఎక్కువ 50 వేల లోపు 'శిశు' లోన్లే. 2016 నాటి స్టాండప్ ఇండియా పథకం కోటి దాకా ఇస్తామంది, అదీ కొత్తగా పెట్టే యూనిట్లకే.

అదే ఏడాది ఆర్బీఐ ఇంకో పని చేసింది. సంఘంలో ఎవరు ఎంత తీసుకుని ఎంత కట్టారో సభ్యురాలి పేరుతో, ఎవరి అప్పుల లెక్క ఎలా ఉందో రాసిపెట్టే సిబిల్ లాంటి సంస్థలకి పంపమని బ్యాంకులకి చెప్పింది. వడ్డీ రాయితీల కన్నా ఇదే అక్కరకొస్తుందని నేనంటాను. లోనుకి వెళ్లే ముందు మీ కిస్తీల లెక్క ఆ సంస్థల రికార్డులో ఎక్కిందో లేదో చూసుకోండి, ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగానే ఇస్తారు.