పసుపు వాన: అపోహలు - వాస్తవాలు

తేనెలో ఏయే పూల పుప్పొడి ఉందో మైక్రోస్కోప్‌లో చూసి చెప్పడం నా పని. ఏ యుద్ధంలోనైనా శత్రువు విషం చల్లాడన్న వార్త వస్తే నాకు లావోస్ పసుపు వానే గుర్తొస్తుంది. 1970ల చివర్లో లావోస్‌లోని హ్మాంగ్ అనే కొండజాతి ప్రజలు, తమ మీద విమానాల నుంచి పసుపు విషం చల్లారని, ఆకుల మీద పసుపు మచ్చలు పడ్డాయని చెప్పారు. దానికే పసుపు వాన అని పేరొచ్చింది.

అపోహ: అమెరికా మంత్రే చెప్పారు, ల్యాబ్‌లో విషం దొరికింది. ఇంకేం కావాలి?

వాస్తవం: 1981 సెప్టెంబరులో బెర్లిన్‌లో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ ఈ ఆరోపణ చేశారు. సోవియట్ యూనియన్, దాని మిత్రులు ఆగ్నేయాసియాలో బూజు నుంచి వచ్చే విషాలను ఆయుధంగా వాడారన్నారు. అప్పటికి ఉన్న ముఖ్య ఆధారం ఒక ఆకు, కాడ నమూనా. తర్వాత బ్రిటన్ రక్షణ శాఖకు చెందిన పోర్టన్ డౌన్ ల్యాబ్ పరీక్షించిన నమూనాల్లో ఆ విషాలు కనపడలేదు. పైగా ఆ బూజు విషాల్లో ఒకటైన టీ-2 లాంటిదాన్ని ఫ్యుజేరియం బూజు ధాన్యం మీద దానంతటదే తయారుచేస్తుంది.

అపోహ: పసుపు మచ్చల్లో పుప్పొడి కనిపించింది కదా, విషం ఊపిరితిత్తుల్లోకి వెళ్లాలనే దాన్ని కలిపారు.

వాస్తవం: ఆ మచ్చల్లోని పుప్పొడి రేణువులు ఖాళీ తొక్కలు. లోపలి ప్రొటీన్ లేదు. తేనెటీగ కడుపులో అరిగాక మిగిలేది సరిగ్గా ఇదే! పువ్వు మీది పుప్పొడి గానీ, తేనెటీగ కాళ్లకు తెచ్చే ముద్ద గానీ ఇలా ఉండవు. 1984లో జీవశాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల నిపుణుడు థామస్ సీలీ థాయిలాండ్ అడవిలో తిరుగుతుండగా పసుపు చినుకులు వాళ్ల మీదే పడ్డాయి. కొండ తేనెటీగలు గుంపుగా లేచి ఎత్తున ఎగురుతూ విసర్జిస్తాయి, కింద ఉన్నవాళ్లకు అవి కనిపించవు. మన అడవుల్లో పెద్ద పట్టు పెట్టేవీ ఇవే. 2002లో పశ్చిమ బెంగాల్‌లోని సంగ్రామ్‌పూర్‌లో పసుపు పచ్చటి చినుకులు పడితే అక్కడా విషదాడి అని టెన్షన్ పడ్డారు. అవీ తేనెటీగల రెట్టలే.

అపోహ: అయితే హ్మాంగ్ ప్రజలు అబద్ధమాడారు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. వాళ్ల మీద దాడులు జరిగాయి. ఎందరో చనిపోయారు, ఎందరో మెకాంగ్ నది దాటి పారిపోయారు. ఆకుల మీద మచ్చలూ నిజంగా చూశారు. చావులకు ఆ మచ్చలే కారణమన్న ముడి మాత్రం నిలబడలేదు.

అపోహ: ఇలాంటి ఆరోపణలన్నీ ప్రచారమే.

వాస్తవం: కాదు. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఇరాక్ విషవాయువులు వాడుతోందని ఇరాన్ ఆరోపించింది. 1984 మార్చిలో ఐక్యరాజ్యసమితి నిపుణులు ఇరాన్ వెళ్లారు. బాధితులను ఆసుపత్రుల్లో స్వయంగా పరీక్షించారు. పేలని బాంబు నుంచి నమూనా తీశారు. చర్మాన్ని కాల్చే మస్టర్డ్ గ్యాస్, నరాల మీద పనిచేసే టాబున్ అనే విషాలు వాడారని తేల్చారు. లావోస్‌లో విషం నింపిన ఒక్క గుండూ దొరకలేదు, ఇక్కడ బాంబే చేతికి దొరికింది. అయినా వాడకం ఆగలేదు. 1988 మార్చి 16న ఇరాక్‌లోని కుర్దుల పట్టణం హలబ్జా మీద ఇరాక్ సైన్యమే విషవాయువు ప్రయోగిస్తే వేలమంది చనిపోయారు.