రేడియో పలకాలంటే ముందు హెలికాప్టర్ దిగాలి

ఆల్‌థార్ప్ పీక్, రాబర్ట్ బారన్, జరెంబో, సుక్వాన్, గ్రావినా, డ్యూక్. అలాస్కా ఆగ్నేయ తీరంలో చేపల వేటకు వెళ్లేవాళ్లకి ఈ పేర్లు బాగా తెలుసు. ఇవి రేవులు కావు, కొండల మీద, దీవుల మీద ఉన్న రేడియో కేంద్రాలు. సముద్ర వాతావరణ సూచనలు పడవలకి చేరేది వీటి నుంచే. మునిగిపోతున్న పడవ పిలుపు అమెరికా కోస్ట్ గార్డ్ చెవిన పడేదీ ఇలాంటి కేంద్రాల వల్లే. శిఖరాల మీద ఉన్నవాటికి రోడ్డు లేదు, హెలికాప్టరే దిక్కు. అది దిగడానికి కట్టిన హెలిపాడ్ పాతబడి పుచ్చిపోతే కొత్తది వేయడానికి ప్రభుత్వం టెండర్ పిలుస్తుంది. కాగితం మీద చూస్తే అది చిన్న సివిల్ పని. ఆ పని ఎందుకు అంత కష్టమో, ఎందుకు వాయిదా పడుతూ వస్తుందో తెలియాలంటే దాదాపు ఎనిమిది దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ముందుగా, కొండ మీదే ఎందుకు? పడవల్లో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగం దాదాపు చూపు మేరకే వెళ్తుంది. 9 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాకి దిక్చక్రం సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అదే యాంటెన్నాని 900 మీటర్ల శిఖరం మీద పెడితే 120 కిలోమీటర్లు దాటుతుంది. పైగా ఆగ్నేయ అలాస్కాలోని అలెగ్జాండర్ ద్వీపసమూహంలో దాదాపు 1,100 దీవులున్నాయి. సన్నని జలమార్గాలకు రెండు పక్కలా నిటారుగా కొండలు లేస్తాయి. తీరంలో ఎంత పెద్ద టవర్ కట్టినా మలుపు తిరిగిన పడవ గొంతు దానికి అందదు. ఆపద పిలుపుకి కేటాయించిన ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతటా ఒక్కటే. విశాఖ, కాకినాడ నుంచి వెళ్లే మెకనైజ్డ్ బోట్లలో వీహెచ్‌ఎఫ్ సెట్ ఉన్నవాళ్లు ఆపదలో తిప్పేదీ ఆ నంబరుకే. మన కోస్తాలో తీరానికి దగ్గరగానే రోడ్డు, కరెంటు ఉంటాయి. అలాస్కాలో ఆ రెండూ లేని చోటే టవర్ పెట్టాలి.

అలాంటి చోట కట్టడం హెలికాప్టర్ రాకముందు ఊహకందని పని. అమెరికాలో పౌర వినియోగానికి బెల్ 47 హెలికాప్టర్‌కి ధ్రువపత్రం వచ్చింది 1946 మార్చి 8న. చిన్న పిస్టన్ ఇంజిన్, మోసే బరువూ తక్కువే. దానితో కొండ కొమ్ము మీద దిగవచ్చని ఎక్కువమంది నమ్మలేదు. నిరూపించింది కెనడాలో కార్ల్ అగార్. యుద్ధకాలంలో వైమానిక దళంలో శిక్షకుడిగా పనిచేసిన అగార్, 1947లో బ్రిటిష్ కొలంబియాలోని ఒకనగన్ లోయలో తోటలకు మందు చల్లే పనికి హెలికాప్టర్ కొన్నారు. ఆ మరుసటి ఏడాది ఆ రాష్ట్ర ప్రభుత్వ సర్వే బృందాన్ని కొండల మీదికి చేర్చే పని దొరికింది. గాలి ఏ వైపు నుంచి కొండను ఎక్కుతుంది, ఏ వైపు కిందికి లాగుతుంది, దిగలేకపోతే ఏ పక్కకి తప్పుకోవాలి అనేవి అగార్ అక్కడ ఒక్కొక్కటిగా తెలుసుకుని ఒక పద్ధతిగా మలిచారు. 1951లో మొదలైన కెమానో జలవిద్యుత్ ప్రాజెక్టులో ఆయన సంస్థ హెలికాప్టర్లు మనుషులను, సామగ్రిని కొండల్లోకి మోశాయి. ఆ విద్య నేర్చుకోవడానికి అమెరికా సైన్యం పైలట్లను ఒకనగన్ లోయలోని పెంటిక్టన్‌కి పంపింది. కొండ మీద దిగడం నేర్పుతో కూడిన పని అని, దిగే చోటు సరిగా లేకపోతే ఆ నేర్పు కూడా కాపాడలేదని ఆ తరం పైలట్లకి బాగా తెలుసు.

1950ల్లోనే అమెరికా వైమానిక దళం అలాస్కా అంతటా వైట్ ఆలిస్ అనే కమ్యూనికేషన్ వ్యవస్థ కట్టింది. 1970ల్లో ఉపగ్రహాలు వచ్చాక దాన్ని వదిలేశారు. వదిలేసిన చాలా చోట్ల నేలలో పీసీబీ వంటి విష రసాయనాలు బయటపడి, ఏళ్ల తరబడి శుభ్రం చేయాల్సి వచ్చింది. కట్టినప్పుడు తెచ్చినదాన్ని మళ్లీ కిందికి ఎలా దించాలన్న ప్రశ్న ఆనాడు ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

కోస్ట్ గార్డ్ విషయానికి వస్తే, 1970ల్లో అమెరికా తీరమంతటా ఆపద పిలుపులు వినే వీహెచ్‌ఎఫ్ వ్యవస్థ ఏర్పడింది. అలాస్కాలో శిఖర కేంద్రాలు ఆ వ్యవస్థలో భాగమే.

ఈ వ్యవస్థ ఎంత పాతబడిందో దేశానికి తెలిసింది అలాస్కాలో కాదు, దక్షిణ కరొలినాలో. 1997 డిసెంబర్ 29 వేకువజామున చార్ల్‌స్టన్ రేవు దగ్గర మార్నింగ్ డ్యూ అనే తెరచాప పడవ రాతి గట్టుకు గుద్దుకుంది. పడవ నుంచి వచ్చిన పిలుపు కోస్ట్ గార్డ్ రేడియోలో పడింది, కానీ విన్నవారికి అర్థం కాలేదు. ఆ గొంతు ఎటు నుంచి వచ్చిందో చెప్పే పరికరం అక్కడ లేదు. పడవలో ఉన్న ఒక పెద్దాయన, ముగ్గురు పిల్లలు చనిపోయారు. దర్యాప్తు తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో ఒత్తిడి పెరిగింది. 2002 సెప్టెంబర్‌లో జనరల్ డైనమిక్స్ సంస్థకి రెస్క్యూ 21 కాంట్రాక్టు దక్కింది, అంటే పాత వ్యవస్థ స్థానంలో కొత్త రేడియో వ్యవస్థ కట్టే పని. రెండు మీటర్ల ఎత్తులో ఉన్న ఒక వాట్ రేడియో పిలుపుని కూడా 20 నాటికల్ మైళ్ల దూరం నుంచి పట్టాలన్నది లక్ష్యం.

ఖర్చు అదుపు తప్పింది. 1999లో 25 కోట్ల డాలర్లనుకున్నది 2005 నాటికి 71 కోట్లు దాటిందని, 2006లో పూర్తవ్వాల్సిన పని 2011కి వాయిదా పడిందని అమెరికా ప్రభుత్వ లెక్కల పర్యవేక్షణ సంస్థ జీఏఓ 2006లో చెప్పింది. అలాస్కాకి పూర్తి వ్యవస్థ రాలేదు. పాత కేంద్రాల్లోనే కొన్ని పరికరాలు మార్చి సరిపెట్టారు. పిలుపు దిశను పసిగట్టే సౌకర్యం, అంటే మార్నింగ్ డ్యూ ప్రమాదం వల్ల ముఖ్యంగా కావాలనుకున్నదే, అక్కడ పెట్టలేదు. 33 వేల మైళ్లకు పైబడిన తీరరేఖ ఉన్న రాష్ట్రానికి ఇలా జరగడం నాకు ఇప్పటికీ సమంజసంగా అనిపించదు.

ఫలితం కొన్నేళ్లుగా కనిపిస్తూనే ఉంది. ఫలానా కేంద్రం పనిచేయడం లేదు, ఫలానా జలమార్గంలో ఛానల్ 16 వినబడకపోవచ్చు, వేరే సాధనం కూడా దగ్గర పెట్టుకోండి అని అలాస్కా నావికులకి కోస్ట్ గార్డ్ హెచ్చరికలు ఇస్తూ వచ్చింది. చెడిపోయింది చిన్న భాగమే అయినా, చలికాలంలో మంచు, గాలి, పొగమంచు వదిలితేనే టెక్నీషియన్ పైకి వెళ్లగలడు. వాతావరణం ఒక పూట తెరిపిచ్చినా, దిగే చోటు నమ్మకంగా లేకపోతే ఆ పూట కూడా వృథా.

ఇక హెలిపాడ్ సంగతి. ఇలాంటి శిఖరాల మీద పాతకాలం పాడ్ అంటే సాధారణంగా రాతికి బిగించిన దుంగలు, వాటి మీద పలకలు. కర్ర తేలిక, కోయడం సులువు, పైకి మోయడమూ సులువు. కానీ ఆగ్నేయ అలాస్కా వానల దేశం. అక్కడి కెచికాన్ పట్టణంలో ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా వాన పడుతుంది. నీరు బోల్టు రంధ్రాల్లోకి దిగి, గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి కర్రని లోపలి నుంచి తినేస్తుంది. పైన నాచు పడుతుంది. చూడ్డానికి గట్టిగా ఉన్న పలక కింద దుంగ మెత్తబడి ఉండొచ్చు.

దీని ప్రమాదం రెండు రకాలు. హెలికాప్టర్ గాలిలో నిలబడాలంటే తన బరువుకు సమానమైన బలంతో గాలిని కిందికి నెట్టాలి. ఆ గాలికి వదులు పలక లేచి రెక్కలకు తగిలితే అంతే. రెండోది ఇంకా భయంకరం. హెలికాప్టర్ కింది కడ్డీల్లో ఒకటి పలకల సందులోనో, లేచిన మేకుకో ఇరుక్కుంటే, పైకి లేచే సమయంలో యంత్రం ఆ కడ్డీ చుట్టూ తిరగబడుతుంది. ఒక కోణం దాటాక పైలట్ చేతిలో ఏమీ ఉండదు. అంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది.

బరువు లెక్క కూడా మారింది. చిన్న ఆస్టార్ హెలికాప్టర్ గరిష్ఠ బరువు రెండు టన్నుల పైచిలుకు. కోస్ట్ గార్డ్ జేహాక్ దాదాపు పది టన్నులు. దిగేటప్పటి తాకిడికి గరిష్ఠ బరువులో 150 శాతం తట్టుకునేలా కట్టాలని అమెరికా విమానయాన శాఖ సూచన. అంటే జేహాక్ దిగాలంటే పాడ్ పదిహేను టన్నుల దెబ్బకి నిలవాలి. ఒక్కో శిఖరం మీద ఏ హెలికాప్టర్ దిగుతుందో ముందే తేల్చుకోకపోతే డిజైన్ మొదలే కాదు. అన్నీ చిన్నవాటికే కడితే ఖర్చు తగ్గుతుంది, కానీ అర్ధరాత్రి రక్షణ పనికి వచ్చిన పెద్ద హెలికాప్టర్ అక్కడ ఆగలేదు.

కాంక్రీటు పోస్తే సరిపోదా అని అడగొచ్చు. ఒక ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులు. ఆస్టార్ తాడుకి వేలాడదీసి ఒక విడతలో ఒక టన్నుకి కాస్త అటూ ఇటూ మోస్తుంది. ఒక్క ఘనపు మీటరుకే రెండు మూడు ట్రిప్పులు, నీళ్లు, మిక్సరు వేరే. అందుకే రాతిలో రంధ్రాలు చేసి లంగరు కడ్డీలు దించి, వాటి మీద ఉక్కు లేదా అల్యూమినియం చట్రం, దాని మీద జల్లెడలాంటి ఫైబర్‌గ్లాస్ పలకలు వేయడం మేలైన దారి. అవి పుచ్చవు, గాలి, నీరు కిందికి వెళ్లిపోతాయి, ముక్కలుగా పైకి మోయొచ్చు.

చిక్కంతా పాతది తీయడంలో ఉంది. శిఖరం మీద దిగగలిగే చోటు అదొక్కటే. దాన్ని విప్పేస్తే పనివాళ్లు ఎక్కడ దిగాలి? పక్కన తాత్కాలిక వేదిక వేయాలి, లేదా సగం సగంగా మార్చాలి. పైన మధ్యాహ్నం పొగమంచు కమ్మితే ఆ రాత్రి అక్కడే గడపాలి. ఒక్కోసారి రోజుల తరబడి. గుడారం, తిండి, వెచ్చదనం ఏర్పాటు లేకుండా ఎవరినీ పైకి పంపకూడదు. పుచ్చకుండా రసాయనం పట్టించిన పాత దుంగల్ని అక్కడ తగలబెట్టకూడదు, లోయలోకి తోసెయ్యకూడదు. ఒక్కొక్కటీ తాడు కట్టి కిందికి దించాలి. వైట్ ఆలిస్ నేర్పిన పాఠం ఇక్కడ పనికొచ్చింది. పైగా చుట్టూ ఉన్నది చాలా చోట్ల టాంగస్ జాతీయ అరణ్యం. 1980 నాటి అలాస్కా భూముల చట్టంలోని 1310వ సెక్షన్ రక్షిత ప్రాంతాల్లో అప్పటికే ఉన్న ఇలాంటి కేంద్రాలకి రాకపోకల్ని అనుమతించింది, కానీ ఇష్టం వచ్చినట్టు కాదు, షరతులకు లోబడి.

సియాచిన్‌తో పోల్చేవాళ్లుంటారు. అక్కడ శత్రువు ఎత్తు. ఆరు వేల మీటర్ల దగ్గర పలచని గాలిలో చీతా హెలికాప్టర్ మోయగలిగేది చాలా కొద్ది బరువు. అలాస్కా శిఖరాలు అంత ఎత్తు కాదు. అక్కడ పనిని ఆపేది కంటికి అడ్డం పడే మబ్బు.

ఈ మబ్బుకి కాంట్రాక్టు భాషలో చోటు లేదు, అదే నా ప్రధాన ఫిర్యాదు. అమెరికా ప్రభుత్వ నిర్మాణ కాంట్రాక్టుల్లో ఆలస్యానికి మన్నింపు దొరికేది అసాధారణంగా తీవ్రమైన వాతావరణానికే. ఆగ్నేయ అలాస్కాలో పొగమంచు, వాన అసాధారణం కాదు, రోజూ ఉండేవే. కాబట్టి హెలికాప్టర్ నేల మీద కూర్చుని ఎదురుచూసే రోజుల ఖర్చంతా కాంట్రాక్టరు ముందే ఊహించి ధరలో కలుపుకోవాలి. ఎక్కువ కలిపితే టెండర్ పోతుంది. తక్కువ కలిపితే మునుగుతాడు, లేదా తొందరపడతాడు. కొండ మీద తొందరపడిన హెలికాప్టర్ పని ఎలా ముగుస్తుందో చెప్పనక్కర్లేదు.

పైగా ధర వేసేవాడు స్థలం చూడాలి కదా. అక్కడికి వెళ్లాలంటే మళ్లీ హెలికాప్టర్, మళ్లీ మబ్బు తెరిపి. చూడలేకపోతే పాత ఫొటోలు, పాత డ్రాయింగులే ఆధారం. రాయి అనుకున్న చోట మట్టి తగిలితే స్థల పరిస్థితులు వేరుగా ఉన్నాయని అదనపు డబ్బు అడిగే నిబంధన ఉంది, కానీ ఆ వాదన తేలేలోపు వేసవి అయిపోతుంది. 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ఆ ప్రాంతపు కూలి రేట్లు, 1935 నాటి మిల్లర్ చట్టం ప్రకారం పూచీకత్తు బాండ్లు ఎలాగూ తప్పవు. అవి న్యాయమైన రక్షణలే, చిన్న కంపెనీకి భారమైనా.

క్యాలెండర్ కూడా ఎదురు తిరుగుతుంది. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. మరమ్మతుల డబ్బు ఎక్కువగా ఏ ఏడాదికి ఆ ఏడాదే ఖర్చవ్వాలి కాబట్టి సంతకాలు సెప్టెంబర్ చివర్లో ఒక్కసారిగా పడతాయి. శిఖరం మీద పని చేయగలిగేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే. అంటే సంతకమైన పాడ్ మరో చలికాలం మంచు కింద గడపాలి. 2019లో జీఏఓ చెప్పిన ప్రకారం కోస్ట్ గార్డ్ తీర కట్టడాల్లో సుమారు 45 శాతం ఆయుష్షు దాటినవి, పేరుకుపోయిన పనుల విలువ కనీసం 260 కోట్ల డాలర్లు. ఆ వరసలో కూలిపోతున్న జెట్టీ, పాతబడ్డ నివాసాలు, ఎవరికీ కనబడని శిఖరం మీది పలకలు ఒకేసారి పోటీ పడతాయి. ఏది వెనక్కి పోతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే నాలుగైదు శిఖరాలని కలిపి ఒకే కాంట్రాక్టుగా ఇవ్వడం మంచిదని నాకనిపిస్తుంది. ఒక కొండ మీద మబ్బు కమ్మినా బృందం మరో కొండకి వెళ్లగలుగుతుంది, హెలికాప్టర్ ఊరికే నిలబడదు.

ఉపగ్రహ ఫోన్లు చవకైపోయాక ఈ టవర్లన్నీ ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఉపగ్రహ సందేశం ఒక కార్యాలయానికి చేరుతుంది. ఛానల్ 16లో అరిచిన కేక పక్క మలుపులో వల వేస్తున్న పడవకీ వినబడుతుంది, చాలాసార్లు ముందుగా చేరేది ఆ పడవే. ఐదు డిగ్రీల నీళ్లలో పడ్డ మనిషికి ఆ తేడాయే ప్రాణం.

2022 డిసెంబర్‌లో ఆమోదం పొందిన డాన్ యంగ్ కోస్ట్ గార్డ్ చట్టం, అలాస్కా రేడియో కేంద్రాలు 98 శాతం సమయం పనిచేసే స్థితికి చేరాలని కోరింది. మంచి లక్ష్యం. కానీ ఆ శాతం రేడియో మోగుతోందా లేదా అన్నదే కొలుస్తుంది. ఒక కేంద్రం ఈరోజు నూటికి నూరు శాతం పనిచేస్తూ ఉండొచ్చు, దాని హెలిపాడ్ మీద ఎవరూ దిగలేని స్థితి ఉండొచ్చు. రేడియో చెడిపోయేదాకా ఆ సంగతి లెక్కల్లోకి రాదు. ప్రతి కేంద్రం నివేదికలో పాడ్ స్థితి, చివరిగా తనిఖీ చేసిన తేదీ, ఏ బరువు హెలికాప్టర్ దిగొచ్చు అనే మూడు గడులు చేర్చాలి. వాటిని చూశాకే నిధులు పంచాలి.