పేరు అరుదైనంత మాత్రాన అంతా ఒకే వంశం కాదు: జర్మన్ ఇంటిపేర్లపై అపోహలు – వాస్తవాలు

"మా ఇంటిపేరు జర్మనీ మొత్తంలో నలభై యాభై ఇళ్లకే ఉంది. మ్యాపులో చూస్తే సగం ఒకే జిల్లాలో కనిపిస్తున్నాయి. అంటే మా ఊరు అదే, వాళ్లంతా మావాళ్లే." జర్మన్ ఇంటిపేరు మూలం వెతికిపెట్టమని వచ్చేవాళ్లు ఎక్కువగా ఈ మాటతోనే మొదలుపెడతారు. అమెరికాలో నాలుగైదు తరాలుగా ఉంటున్నవాళ్లదీ ఇదే మాట. జర్మనీ సంబంధం కలిసి, పిల్లలకు రెండువైపులా వంశవృక్షం రాసివ్వాలనుకునే తెలుగువాళ్లదీ ఇదే మాట. ఈ నమ్మకంతోనే ఒక ఊరు పట్టుకుని, అక్కడి చర్చి రిజిస్టర్లన్నీ తిరగేసి, చివరకు తమకు ఏ సంబంధమూ లేని ఇంటి పెద్దల్ని తమ తాతలుగా రాసుకుంటారు. తర్వాత దాన్ని సరిచేయడం మొదటినుంచి వెతకడం కంటే కష్టం. ఆ చెట్టును అప్పటికే పదిమంది తమ చెట్లలోకి ఎక్కించుకుని ఉంటారు.

అపోహ: పేరు అరుదు, కాబట్టి మూలపురుషుడు ఒక్కడే

అన్నిటికంటే ఎక్కువ డబ్బూ కాలమూ తినేది ఇదే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

జర్మన్ ఇంటిపేర్లు 12వ శతాబ్దం నుంచి పట్టణాల్లో మొదలై, పల్లెలకు పాకి నిలదొక్కుకునేసరికి 16వ శతాబ్దం వచ్చింది. వాయవ్య తీరంలోని ఈస్ట్ ఫ్రీజియాలోనైతే తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరయ్యే పద్ధతికి 1811లో నెపోలియన్ పాలన అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. యూదు కుటుంబాలు చాలావరకు ఆస్ట్రియాలో 1787 శాసనంతో, బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యాలో 1812 శాసనంతో స్థిరమైన పేర్లు తీసుకున్నాయి. స్పెల్లింగు గట్టిపడింది ఇంకా తర్వాత. ప్రష్యాలో 1874 అక్టోబరు 1న, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1న సివిల్ రిజిస్ట్రీ (జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు) మొదలయ్యాకే పేరుకు ఒక్క రూపం ఖాయమైంది. అంతవరకు పాస్టరు చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. ఒకే మనిషి పేరు బాప్తిస్మం దగ్గర ఒక రకంగా, పెళ్లి దగ్గర ఇంకో రకంగా, సమాధి దగ్గర మూడో రకంగా కనిపించడం మామూలే.

కాబట్టి మీ పేరు ఎందుకు అరుదైందో ముందు తేల్చుకోండి. కారణాన్ని బట్టి వెతికే దారి మారుతుంది.

కొన్ని అరుదైన పేర్లు నిజానికి మామూలు పేర్లకు అరుదైన స్పెల్లింగులు. తత్వవేత్త నీషే పేరే తీసుకోండి. అది నికోలస్‌కు ముద్దుపేరు. సాక్సనీ, లౌజిట్స్, సైలీషియా వంటి తూర్పు ప్రాంతాల వైపు పోలిష్, చెక్ లాంటి స్లావ్ భాషల తోక తగిలి ఏర్పడింది. అదే మూలం నుంచి నిట్షె, నిట్ష్‌కె వంటివి డజన్లకొద్దీ పుట్టాయి. నికోలస్ అనే మనిషి లేని ఊరు లేదు కాబట్టి ఈ పేరు ఊరూరా దేనికదే పుట్టింది. ఎవరి రూపం ఎన్ని అక్షరాలతో నిలిచిందన్నది గుమస్తా కలం నిర్ణయించింది. నీషే తాను పోలెండు ప్రభువుల సంతతి అని నమ్మాడు. ఆయన వంశాన్ని తవ్వినవాళ్లకు కనిపించింది మాత్రం జర్మన్ కుటుంబాలే. తెలుగులోకి బైబిలు అనువదించిన బెంజమిన్ షుల్జ్ ఇంటిపేరూ ఇలాంటిదే. షుల్జ్, షోల్జ్, షుల్టె అన్నీ ఊరి అధికారి పదవి నుంచి వచ్చినవే. కరణంవారంతా ఒక్క వంశం ఎలా కాదో, వీళ్లూ అంతే.

వెస్ట్‌ఫేలియా, లిప్పె, ఓస్నాబ్రూక్ వంటి వాయవ్య ప్రాంతాల సంగతి వేరు. అక్కడ పేరు మనిషిది కాదు, కమతానిది. మన దగ్గర ఇల్లరికం వచ్చిన అల్లుడు తన ఇంటిపేరు తనతోనే ఉంచుకుంటాడు. అక్కడ మాత్రం కమతం ఎవరి చేతికొస్తే వాళ్లకు దాని పేరే వచ్చేది. బెక్‌మన్ ఇంటి కొడుకు నీహుస్ కమతం కూతుర్ని చేసుకుని అక్కడికి వెళ్లాడనుకుందాం. రిజిస్టరులో అతను "బెక్‌మన్ గెనాన్ట్ నీహుస్" అవుతాడు. గెనాన్ట్ అంటే ఫలానా అని పిలిచే. లాటిన్‌లో రాసే పాస్టరైతే ఆ చోట ఆలియాస్, వుల్గో, మోడో అని రాస్తాడు. కొన్నేళ్లకు ఆ భార్య చనిపోయి అతను మళ్లీ పెళ్లి చేసుకుంటే, రెండో భార్య పిల్లలూ నీహుస్‌లే. వాళ్లలో పాత నీహుస్ రక్తం చుక్క కూడా ఉండదు. కమతానికి వెళ్లకముందు పుట్టిన బిడ్డ బెక్‌మన్‌గానే మిగిలిపోవచ్చు. అంటే ఒక తండ్రి పిల్లలకు రెండు ఇంటిపేర్లు, ఒకే ఇంటిపేరుకు మూడు రక్తాలు. ప్రష్యాలో 1822 రాజాజ్ఞతో అనుమతి లేకుండా పేరు మార్చుకోవడం ఆగాకే ఈ పద్ధతి క్రమంగా సన్నగిల్లింది.

డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుని, పేరు కలిసి మగవైపు రక్తం కలవలేదని కుంగిపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముత్తవ్వ శీలం మీద అనుమానం పెంచుకోకండి. ఆ ప్రాంతంలో ముందు చూడాల్సింది గెనాన్ట్ అన్న మాట కోసం. మీరు చూస్తున్న సూచీ తయారుచేసినవాళ్లు పేరులో ఆ మాటకు ముందున్న భాగాన్ని మాత్రమే ఎక్కించారేమో, తర్వాతిది మాత్రమే ఎక్కించారేమో కూడా చూడండి. రెండు పేర్లతోనూ వెతకాలి.

ఇక ఎగతాళి పేర్లు. హాసెన్‌ఫ్లుగ్ అన్న పేరు చూసి చాలామంది హాజెన్ అంటే కుందేళ్లు కదా, కుందేలు నాగలి అంటారు. అది వాక్యం నుంచి పుట్టిన పేరు. నాగలంటే గిట్టనివాడని అర్థం. ఇలాంటి విచిత్రమైన పేరు పదిచోట్ల పుట్టే అవకాశం తక్కువ కాబట్టి ఒకే మూలం ఉండొచ్చని అనుకోవడంలో తప్పు లేదు. కానీ అది ఊహగానే ఉండాలి. రుజువు కావాలంటే ఆ పేరున్న పాత నమోదులన్నీ ఊరివారీగా రాసి, రెండు గుంపుల మధ్య ఎవరైనా ఒకచోటు నుంచి ఇంకోచోటుకు వెళ్లినట్టు కాగితం చూపించాలి. ఆ కాగితం దొరికేవరకు ఆ గుంపులు వేర్వేరు కుటుంబాలు.

అపోహ: మ్యాపులో చుక్కలు ఎక్కడ ఎక్కువుంటే మూలం అక్కడే

ఇంటిపేర్ల పంపకం చూపే మ్యాపులు చాలావరకు ఫోన్ డైరెక్టరీల నుంచి తయారయ్యాయి. జర్మన్ ఇంటిపేర్ల అట్లాసుకు ఆధారం 2005 నాటి దాదాపు 2.8 కోట్ల ల్యాండ్‌లైన్లు. అందులో దాదాపు 8.5 లక్షల వేర్వేరు ఇంటిపేర్లు తేలాయి. దేశ జనాభాతో పోలిస్తే ఒక ఫోనుకు సుమారు ముగ్గురు. మ్యుల్లర్ లాంటి పేరుకు ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. పదిహేను ఫోన్లున్న పేరుకు పనిచేయదు. ముగ్గురు అన్నదమ్ములు ఉద్యోగాల కోసం స్టుట్‌గార్ట్ చేరితే చాలు, మ్యాపులో అక్కడ కొత్త "మూలస్థానం" వెలుస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు 1945. సైలీషియా, పోమరేనియా, తూర్పు ప్రష్యా, సుడేటన్ ప్రాంతాల నుంచి సుమారు 1.2 కోట్ల మంది జర్మన్లు పారిపోయారు, లేదా వెళ్లగొట్టబడ్డారు. నేటి మ్యాపులో ష్లెస్విగ్-హోల్‌స్టైన్, లోయర్ సాక్సనీ, బవేరియాల్లో కనిపించే గుంపుల్లో చాలావాటి అసలు ఊరు ఇప్పుడు పోలెండులోనో, రష్యాలోనో, చెక్ దేశంలోనో ఉంది. అంతకుముందు బొగ్గు గనుల కోసం రూర్ ప్రాంతానికి వెళ్లినవాళ్లున్నారు. 1732లో సాల్జ్‌బర్గ్ నుంచి తూర్పు ప్రష్యాకు నడిచి వెళ్లిన ప్రొటెస్టెంట్లున్నారు. ముప్పై ఏళ్ల యుద్ధం తర్వాత ఖాళీ అయిన పాలటినేట్‌లోకి స్విట్జర్లాండ్ నుంచి దిగినవాళ్లున్నారు. వీళ్లెవరి జాడా ఆ ఒక్క మ్యాపు చెప్పదు.

అందుకని మ్యాపును ఇలా వాడండి. మొదట మొత్తం సంఖ్య చూపే మ్యాపు పక్కన పెట్టండి. అందులో ఏ పేరుకైనా బెర్లిన్, హాంబర్గ్, మ్యూనిక్ మెరుస్తాయి. పది లక్షల మందికి ఎందరన్న లెక్కలో చూపేది తెరవండి. తర్వాత మొదటి ప్రపంచయుద్ధపు హతులు, క్షతగాత్రుల జాబితాల్లో అదే పేరు వెతకండి. సుమారు 85 లక్షల నమోదులను స్వచ్ఛంద కార్యకర్తలు కంప్యూటర్‌కు ఎక్కించారు, ఉచితంగా వెతకొచ్చు. సైనికుడి పేరు పక్కన ఎక్కువగా ఊరు, చాలాసార్లు జిల్లా ఉంటాయి. అది 1945కు ముందటి చిత్రం. రెండు చిత్రాలూ ఒకేచోట కలిస్తే ఆశ పెట్టుకోవచ్చు. కలవకపోతే పాతదాన్నే నమ్మండి. ఊరి పేరు దొరికాక 1912–13 నాటి ఊళ్ల పేర్ల నిఘంటువు మాయర్స్ గెజిటీర్‌లో అది ఏ సివిల్ రిజిస్ట్రీ కిందికి వస్తుందో చూసుకోండి. నోయ్‌కిర్హెన్ లాంటి పేర్లున్న ఊళ్లు దేశమంతా ఉన్నాయి, జిల్లా లేకుండా ఒక్క అడుగూ వేయకండి.

ఇదంతా వెతికే వైశాల్యం తగ్గించుకోవడానికే. వంశం మాత్రం మీ నుంచి వెనక్కి, ఒక్కో తరం ఒక్కో కాగితంతో వెళ్లాలి. జర్మన్ సివిల్ రిజిస్ట్రీలో జనన నమోదులు 110 ఏళ్లు, పెళ్లివి 80, మరణాలవి 30 ఏళ్లు అక్కడే ఉంటాయి, గడువు దాటాక ఆర్కైవుకు వెళ్తాయి. బతికున్న తరాల జనన పత్రం కోసం తంటాలు పడేకంటే, చనిపోయి 30 ఏళ్లు దాటిన తాత మరణ నమోదు తేలిగ్గా దొరుకుతుంది. చాలాసార్లు అందులో పుట్టిన ఊరూ, తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. 1876కు వెనక చాలాచోట్ల చర్చి రిజిస్టర్లే దిక్కు. కేథలిక్ రిజిస్టర్లు చాలావరకు మాట్రికులా అనే వెబ్‌సైటులో ఉచితం, ప్రొటెస్టెంట్‌వి ఆర్కియాన్ అనే వెబ్‌సైటులో చందా కట్టి చూడాలి. అంటే ఆ కుటుంబం మతం తెలియకపోతే తలుపే దొరకదు.

అపోహ: సూచీలో లేదంటే రిజిస్టరులో లేనట్టే

ఉంటుంది, వేరే అక్షరాలతో ఉంటుంది. పాత జర్మన్ చేతిరాత కూరెంట్‌లో చిన్న 'ఇ' రెండు ఇరుకు గీతలు, 'ఎన్' అనిపిస్తుంది. 'యు'కు 'ఎన్'కు తేడా మీద ఉండే కొక్కెం మాత్రమే. 'ఎస్' ధ్వనికి వాడే 'ఎస్సెట్' (ß) అక్షరాన్ని 'బి' అని చదివి ఫోస్ అనే పేరును ఫోబ్ చేసిన సూచీలున్నాయి. ఆడవాళ్ల పేరు చివర 'ఇన్' చేరేది, మ్యుల్లర్ భార్య మ్యుల్లరిన్. దాన్ని కొత్త ఇంటిపేరనుకుని వదిలేస్తారు. సాక్సనీలో బి-పి, డి-టి, జి-కె తారుమారవుతాయి.

హన్స్ యోఆఖిమ్ పోస్టెల్ 1969లో ప్రకటించిన కొలోన్ ఫొనెటిక్ పద్ధతి కొంత ఆదుకుంటుంది. ఇది పేరును దాని ధ్వనిని బట్టి అంకెల్లోకి మారుస్తుంది. మైయర్‌ను ఎలా రాసినా 67 వస్తుంది, మ్యుల్లర్‌కూ మిల్లర్‌కూ 657. కానీ 'పి-ఎఫ్'తో మొదలయ్యే పేరు 1తోనూ, అదే పేరు ఒక్క 'ఎఫ్'తో రాస్తే 3తోనూ మొదలవుతుంది, అవి ఎప్పటికీ కలవవు. చేతిరాత తప్పు చదివిన చోట ధ్వని పద్ధతి అసలే పనిచేయదు. అక్కడ చేయాల్సింది ఒకటే. ఆ పాస్టరు రాసిన నెలల పేర్లు, ఊరి పేర్లు, యోహాన్, అన్నా వంటి తెలిసిన పేర్లలోంచి ఒక్కో అక్షరం కాగితం మీద దించుకుని పట్టిక చేసుకోవాలి. పాస్టరు మారితే పట్టికా మార్చాలి. ఆ తర్వాతే ఇంటిపేరు చదవండి. ముందే చదివితే మీకు కావలసిందే కనిపిస్తుంది.

మిగతావి త్వరగా

పేరు వింతగా ఉంటే హ్యూగెనాట్ (ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ శరణార్థి) అనో, స్వీడన్ సైనికుడనో కథ ఉంటుంది. 1685 తర్వాత బ్రాండెన్‌బర్గ్‌కు వచ్చిన ఫ్రెంచ్ శరణార్థులు సుమారు 20,000. ప్రతి కథకూ సరిపడేంత మంది లేరు. నిజంగా ఫ్రెంచ్ రక్తం ఉన్నచోట ఇంటిపేరు దాన్ని చూపకపోవచ్చు. గ్రిమ్ సోదరులకు కథలు చెప్పిన హాసెన్‌ఫ్లుగ్ అక్కచెల్లెళ్లది పక్కా జర్మన్ పేరు. హ్యూగెనాట్ సంతతి వాళ్ల తల్లి వైపు.

ఇంటిపేరుకు రాజచిహ్నం ఉండదు. ఒక మనిషికీ అతని సంతతికీ ఉంటుంది. ఫ్రేము కట్టి అమ్మేవి కొనకండి.

పేరు ముందు 'ఫోన్' (von) అనే మాట ఉన్నంత మాత్రాన ప్రభువులు కారు. ఉత్తర జర్మనీలో అది చాలాసార్లు ఫలానా చోటివాడని మాత్రమే.

అమెరికాకు వలస వచ్చినవాళ్లు దిగే న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో అధికారి పేరు మార్చలేదు. ఓడ ఎక్కిన రేవులో రాసిన జాబితానే అతను సరిచూసేవాడు. పేరు తర్వాత మనవాళ్లే మార్చుకున్నారు. కాబట్టి పాత రూపం కోసం హాంబర్గ్ జాబితాలు చూడండి, 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి. బ్రెమెన్‌వి 1920కి ముందువి దాదాపు లేవు.

'బెర్గ్', 'స్టైన్' ఉంటే యూదులని చెప్పలేం. నాజీ సిద్ధాంతకర్త ఆల్‌ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ యూదుడు కాదు, బాల్టిక్ తీరపు జర్మన్.

"మా పేరు తుడిచిపెట్టుకుపోతోంది" అని బాధపడేవాళ్లకు ఒక మాట. పేరు ఆగితే వంశం ఆగినట్టు కాదు, కూతుళ్ల వైపు అది సాగుతూనే ఉంది. జర్మనీలో భార్య పేరును ఇద్దరి పేరుగా తీసుకునే వీలు 1976 నుంచి ఉంది. 2025 మే 1 నుంచి దంపతులిద్దరూ, పిల్లలూ జంట ఇంటిపేరు పెట్టుకోవచ్చు.

చివరిగా, అడగడానికి అందరూ తడబడే ప్రశ్న. యుద్ధ నేరస్థుడొకరి ఇంటిపేరే తమదీ అయినవాళ్లు రాత్రిళ్లు నిద్ర పట్టక రాస్తారు. పేరు ఒక్కటే ఏమీ రుజువు చేయదు. పైన చెప్పిన కారణాలన్నీ ఇక్కడా వర్తిస్తాయి. నిజం తెలుసుకోవాలనుకుంటే బెర్లిన్‌లోని ఫెడరల్ ఆర్కైవులో నాజీ పార్టీ సభ్యత్వ కార్డులున్నాయి. తాత పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రాసి అడగండి. పుట్టిన తేదీ లేకుండా పంపితే అదే పేరున్న వేరొకరి కార్డు మీకు రావచ్చు.